ఉస్తాద్ గడ్డి మిషన్ ఎందుకు పొగ కక్కింది

పరీక్షలంటే భయపడి బడి మానేసినవాణ్ణి నేను. పోయి పోయి ఎవరి దగ్గర పడ్డానంటే, పొద్దస్తమానం పరీక్షలు పెట్టే మనిషి దగ్గర. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో మా ఉస్తాద్‌కు రేకుల షెడ్డు ఉండేది. స్కూటర్లు, నీళ్ల మోటార్లు, జనరేటర్లు, ఏది తెచ్చినా బాగుచేసేవాడు. మెయిన్ రోడ్డు మీద పిల్లలు ఇంజనీర్లు కావడానికి ఫీజులు కట్టి కూర్చుంటే, వెనక సందులో నేను పైసా ఖర్చు లేకుండా తిట్లు తింటూ నిలబడేవాణ్ణి.

ఆయన పాఠం చెప్పే పద్ధతి ఒక్కటే. ఏదో ఒక సామాను విప్పి, అరచేతిలో పెట్టుకుని నా ముక్కు కిందికి చాపేవాడు. "గిదేందిరా?" అనేవాడు. సరిగ్గా చెబితే "షాబాష్". తప్పు చెబితే, "నీ బదులు ఆ బండి స్టాండుకు అన్నం పెట్టినా అదన్న సక్కగ నిలబడుతుండె" అనేవాడు.

పొగను చూసి జబ్బు చెప్పడం కూడా అలాగే నేర్పాడు. "నల్ల పొగ ఒస్తే గాలి అందుతలేదు, పెట్రోలు ఎక్కువ తాగుతున్నది. నీలం పొగ ఒస్తే లోపల ఆయిల్ మండుతున్నది. ముందుగాల ఇంజన్‌ను అడుగు. నడిపేటోణ్ణి తర్వాత అడుగు. వాడు ఎట్లైనా 'నేనేం చెయ్యలే' అనే అంటడు."

షెడ్డున్న జాగాలో హాస్టల్ లేచాక, ఉస్తాద్ తుర్కయంజాల్ దగ్గర సాగర్ రోడ్డు మీదున్న ఒక ఫంక్షన్ గార్డెన్‌లో పనికి కుదిరాడు. జనరేటర్, నీళ్ల మోటారు, గడ్డి, మూడూ ఆయన చేతికిందే. పనితోపాటు జనరేటర్ పక్కన ఒక గది ఇచ్చారు. ఆయనా, పెద్దమ్మా అందులో ఉంటారు. ఉస్తాద్ భార్యను నేను పెద్దమ్మ అంటాను. నేర్చుకునే రోజుల్లో ఆమె చేతి అన్నమే తిన్నాను. ఆ దంపతులకు పిల్లల్లేరు, వేరే ఇల్లూ లేదు. మిషన్ నడిపే మనిషికే ఆ గది అని ఓనర్ మొదటి రోజే చెప్పాడు. ఆ మాట మా ముగ్గురికీ తెలుసు.

నేను ఎల్‌బీ నగర్‌లో సొంతంగా దుకాణం పెట్టుకున్నాను. మందు కొట్టే పంపులు, గడ్డి కోసే మిషన్లు, చిన్న జనరేటర్లు రిపేరుకు వస్తాయి. గార్డెన్ మిషన్‌కు ఏదన్నా అయినా ఓనర్ నాకే ఫోన్ చేస్తాడు. పట్టు చీరలు, సూట్లు రాత్రి నిలబడి ఐస్‌క్రీమ్ తిని పోయే ఆ గార్డెన్ పచ్చిక మీద పొద్దున చూస్తే ప్లాస్టిక్ చెంచాలు, బంతిపూలు, పెళ్లికూతురి పేరులో విరిగిపోయిన థర్మకోల్ అక్షరాలు ఉంటాయి. వాటన్నిటినీ ఏరిపారేసి, తర్వాతి పెళ్లికి గడ్డిని చాప పరిచినట్టు కోసి పెట్టేవాడు ఉస్తాద్. ఆయన కోసిన గీతలు చూస్తే దారం పట్టి కొట్టినట్టుండేవి.

దసరా మర్నాడు ఓనర్ ఫోన్ చేశాడు. ఆయనది కోస్తా వైపు. మనిషి మంచివాడే, మాటల్లోనే కాస్త మసాలా ఎక్కువ. "ఏవయ్యా, మీ మేస్త్రిగారి మిషన్ పొగ పెడుతోంది. దోమలు కూడా వచ్చి నా దగ్గర కంప్లయింట్ చేస్తున్నాయి" అన్నాడు.

పోయి చూస్తే మిషన్ బ్లేడుకు పసుపు, కుంకుమ, మూడు బొట్లు. విషయం అర్థమైపోయింది. ఆయుధ పూజకు బ్లేడుకు బొట్టు పెట్టాలంటే మిషన్‌ను పక్కకు పండబెట్టాలి. స్పార్క్ ప్లగ్ పైకి చూసేలా పండబెడితే ఏమీ కాదు. ఎయిర్ ఫిల్టర్ కిందికి పోయేలా పండబెడితే ఆయిల్ అంతా ఫిల్టర్‌లోకి, అక్కడినుంచి సిలిండర్‌లోకి పోతుంది. మర్నాడు స్టార్ట్ చేయడానికి తాడు లాగితే నీలం మబ్బు లేస్తుంది.

"ఎవరు పండబెట్టిన్రు ఉస్తాద్?"

"ఆడోళ్లు పూజ చేసిన్రు. నేనేం చెయ్యలే" అన్నాడు.

ఫిల్టర్ మార్చి, ప్లగ్ తుడిచి స్టార్ట్ చేశాను. లోపలి ఆయిల్ మండిపోయాక పొగ సర్దుకుంది. "మిషన్‌కు గూడ దసరా మందు పడ్డది ఉస్తాద్, దిగిపోయింది" అన్నాను. ఆయన నవ్వాడు. ఆ ప్లగ్ పైకి ఉండాలన్న ముక్క నాకు నేర్పింది ఆయనే. ఆ సంగతి నా బుర్రకు అప్పుడు తట్టలేదు.

పెళ్లిళ్లు మొదలయ్యాక మళ్లీ నీలం పొగ. ఈసారి ఫిల్టర్ పొడిగానే ఉంది. ఆయిల్ కడ్డీ తీసి చూస్తే గొంతు దాకా ఆయిల్. ఉండాల్సిన గీత ఎక్కడో అడుగున మునిగిపోయింది. ఇంజన్ పాపం మింగలేక బయటికి కక్కుతోంది.

"ఇంత ఎందుకు పోసిన్రు?"

"తక్కువున్నదని పోసిన."

కింద డబ్బా పెట్టి ఆయిల్ తీస్తున్నాను. ఉస్తాద్ జనరేటర్ షెడ్డులోకి పోయి ఆయిల్ క్యాను పట్టుకుని వచ్చాడు. "ఆయిల్ చూసినవా? తక్కువున్నట్టున్నది, జర పొయ్యన్నా?" అన్నాడు.

పగలబడి నవ్వాను. ఎంత మంచి జోకని! ఆయన నా నవ్వు చూసి, కాసేపటికి తానూ నవ్వాడు. ఆ కాసేపు ఎందుకు పట్టిందో నేను ఆలోచించలేదు. నేను జోకులు వేసే మనిషిని. ఎదుటివాడిది కూడా జోకే అనుకోవడం నాకు అలవాటు.

మూడోసారి పొగ నల్లగా వచ్చింది. ఓనర్ ఫోన్‌లో, "నడుస్తూ నడుస్తూ ఎక్కిళ్లు పెడుతోందయ్యా" అన్నాడు. నేను చేరేసరికి ఉస్తాద్ కార్బొరేటర్ విప్పి కూర్చున్నాడు. పెళ్లిలో మిగిలిన పేపర్ ప్లేటు మీద సామాన్లన్నీ వరసగా పెట్టుకున్నాడు. ఆయన ఏది విప్పినా వరస తప్పదు. బిగించేటప్పుడు ఆ వరసలోనే వెనక్కి వస్తాడు.

నేను పక్కన కూర్చోగానే ఫ్లోట్ కింద ఉండే సన్న సూదిని తీసి అరచేతిలో పెట్టుకుని, నా ముక్కు కిందికి చాపాడు.

"గిదేందిరా?"

ప్రాణం లేచి వచ్చింది నాకు. "పెట్రోలు ఆపే సూది ఉస్తాద్. గిది అరిగితే పెట్రోలు పొంగుతది."

"షాబాష్. యాడ పెడ్తరు?"

"ఫ్లోట్ కింద."

"చూపెట్టు."

చూపించాను. ఆయన ఇంకో సామాను తీశాడు. "గిదేంది?" చెప్పాను. "యాడ పెడ్తరు?" చూపించాను. అలా ప్లేటులో ఉన్నవన్నీ అడిగాడు. నేను హుషారుగా జవాబు చెబుతూ పోయాను. చివరికొచ్చేసరికి చూసుకుంటే, కార్బొరేటర్ మొత్తం నా చేతులతో నేనే బిగించేశాను. ఆయన కళ్లు నా మొహం మీద లేవు. నా వేళ్లను చూస్తున్నాయి. నేను నేర్చుకునే రోజుల్లో ఆయన వేళ్లను ఎలా చూసేవాణ్ణో, అలా.

ఆయన పరీక్ష పెట్టడం లేదు. అడుగుతున్నాడు.

అసలు కార్బొరేటర్‌లో ఏ జబ్బూ లేదు. చోక్ మూసి స్టార్ట్ చేసి, తెరవడం మర్చిపోయాడు. అంతే. గాలి అందక నల్ల పొగ. వేలితో తెరిచి తాడు లాగితే ఇంజన్ శుభ్రంగా పాడింది. నా నోట్లో మాత్రం ఒక్క జోకూ లేదు.

"నేను కోస్త, నువ్వు చూడు" అని మిషన్ తోసుకుంటూ పోయాడు. ముందురోజు నీళ్లు పెట్టిన గడ్డి, తడిగా ఉంది. కొంచెం దూరం పోయేసరికి గడ్డి బయటికొచ్చే దారి మూసుకుపోయింది. అప్పుడు ఏం చేయాలి? హ్యాండిల్ మీది బ్రేకు కడ్డీ వదిలితే ఇంజన్ ఆగుతుంది. కానీ ఆ కడ్డీని ఎవరో గుడ్డముక్కతో గట్టిగా కట్టేశారు. ఇంజన్ నడుస్తూనే ఉంది. ఉస్తాద్ వంగాడు. బ్లేడు తిరుగుతుండగానే గడ్డి తీయడానికి చెయ్యి లోపలికి చాపాడు.

నేను ఎలా ఉరికానో నాకు గుర్తులేదు. ప్లగ్ మీది తొడుగు పట్టి పీకేశాను. షాక్ మోచేతి దాకా కొట్టింది. ఇంజన్ ఆగింది.

"మంచిగ నడిచేదాన్ని ఎందుకు బంద్ చేసినవ్ రా?" అని గద్దించాడు. నేను కడ్డీకి కట్టిన గుడ్డ విప్పుతున్నాను. ఆయన చెయ్యి నిమ్మళంగా తడి గడ్డి దులుపుకుంటోంది.

గది గుమ్మంలోంచి పెద్దమ్మ అంతా చూసింది. చాయ్ ఇస్తాననే మిషతో లోపలికి పిలిచి, తలుపు దగ్గరగా వేసింది.

"దవాఖానల చూపిచ్చిన బిడ్డా. మతిమరుపు రోగమట. పెరుగుడే గాని తగ్గుడు లేదన్నరు."

"నాకు చెప్పొద్దా పెద్దమ్మా?"

"చెప్తే ఏం చేస్తవ్, విప్పి బిగిస్తవా?" అంది. నాతో ఆమె ఎప్పుడూ వాడని గొంతు అది. మళ్లీ తానే నా చెయ్యి పట్టుకుంది. "ఓనర్ సారు నిన్ను అడుగుతనన్నడు. జబ్బు మిషన్‌కే అని చెప్పు. గింతే అడుగుతున్న. మిషన్‌కే అని చెప్పు."

చెబుతానన్నాను.

ఓనర్ ఆ సాయంత్రమే వచ్చాడు. జనరేటర్ షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఉస్తాద్ నాలుగడుగుల దూరంలో స్టూలు మీద కూర్చుని గుడ్డతో పానాలు తుడుచుకుంటున్నాడు. ఓనర్ గొంతు తగ్గించాడు గానీ, అంత దూరం వినపడకుండా ఉండే గొంతు కాదు ఆయనది.

"దాచకుండా చెప్పవయ్యా. తేడా మిషన్‌లో ఉందా, మేస్త్రిగారిలో ఉందా? పెళ్లికొచ్చిన పిల్లలు ఈ గడ్డి మీదే పరిగెడతారు. ఏదన్నా జరిగితే నేను ఎవరికి మొహం చూపించాలి?"

"మిషన్‌దే సార్" అన్నాను. "రింగులు పోయినయి. పాతబడింది."

ఓనర్ మొహం తేలికపడింది. "హమ్మయ్య. అయితే దాన్ని పడేద్దాం. మా బావగారింట్లో బ్యాటరీ మిషన్ వాడుతున్నారు. తాడు లాగక్కర్లేదు, పొగ రాదు, చప్పుడు కూడా పెద్దగా ఉండదట. మీట నొక్కితే తిరుగుతుంది. మేస్త్రిగారికి ప్రాణం హాయి. ఇవాళే చెప్పేస్తాను" అని ఫోన్ తీశాడు.

పొగ రాదు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. దసరా నుంచి ఇప్పటిదాకా ఆ ముసలి ఇంజన్ నీలంగా రెండుసార్లు, నల్లగా ఒకసారి పొగ కక్కి మమ్మల్ని పిలుస్తూ వచ్చింది. అందుకే నేను వచ్చాను. కొత్త మిషన్ ఎవర్నీ పిలవదు. ఆయన చెయ్యి లోపలికి పోయిన రోజు కూడా చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంటుంది.

పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నేను అటు చూడలేదు.

"ఆగండి సార్" అన్నాను. "మిషన్ బాగనే ఉన్నది. రింగులు పోలే, ఏం పోలే. ఇంకా చాన్నాళ్లు నడుస్తది."

ఓనర్ ఫోన్ దించాడు. "మరి?"

పానాలు తుడిచే చప్పుడు ఆగిపోయింది.

"గిన్ని దినాలు పట్టిందారా నీకు?" అన్నాడు ఉస్తాద్.

తల తిప్పి చూశాను. ఆయన మొహంలో కోపం లేదు. మబ్బు కూడా లేదు. నన్ను ఎవరో తెలిసి, ఏం మాట్లాడుతున్నామో తెలిసి చూస్తున్నాడు. "ఆయిల్ గొంతుదాక పోసిన్నాడే తెల్వాలె నీకు. నవ్వుకుంట కూసున్నవ్."

ఉస్తాద్ పానాలన్నీ గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. "సారూ, ఎల్లుండి పెళ్లున్నది గద. గడ్డి ఎవరు కోస్తరు?"

"నేను కోస్త ఉస్తాద్" అన్నాను.

"నీ గీతలు వంకర పోతయి" అన్నాడు. లేచి గదిలోకి పోయాడు. పెద్దమ్మ ఆయనకు దారిచ్చి, తానూ లోపలికి పోయి తలుపేసుకుంది.

ఆ పెళ్లికి గడ్డి నేనే కోశాను. వంకరే పోయాయి. మిషన్ పిసరంత పొగ కూడా కక్కలేదు.

ఓనర్ పెళ్లిళ్లు అయిపోయేదాకా ఆ గదిలో ఉండమన్నాడు. తర్వాత కొత్త మనిషి వస్తాడు, అతనికీ సంసారం ఉంటుంది, ఓనర్ మాత్రం ఏం చేస్తాడు? నాదర్‌గుల్‌లో పెద్దమ్మ తమ్ముడి ఇంటి వెనక ఒక రేకుల గది ఉంది, అక్కడికి పోదామనుకున్నారు. మా ఇంటికి రమ్మని అడిగాను. ఓనర్‌తో నిజం చెప్పిన సాయంత్రం నుంచి పెద్దమ్మ నాతో మాట్లాడటమే మానేసింది. నేను పోతే చాయ్ గ్లాసు గుమ్మం మీద పెట్టి లోపలికి పోయేది.

సామాను తీసుకుపోవడానికి ట్రాలీ ఆటో మాట్లాడింది నేనే. మంచం, సిలిండర్, రెండు ట్రంకు పెట్టెలు. ఉస్తాద్‌ను ముందు సీట్లో డ్రైవర్ పక్కన కూర్చోబెట్టాను. బండి స్టార్ట్ కాగానే ఆయన తల ఒకపక్కకు వంచి విన్నాడు.

"వాల్వు చప్పుడు ఒస్తున్నది, చూపించుకో" అన్నాడు డ్రైవర్‌తో.

నిజంగానే వస్తోంది. నేనింకా గమనించలేదు.

పెద్దమ్మ వెనకాల ట్రంకు పెట్టెల మధ్య ఎక్కి కూర్చుంది. ఎక్కడానికి చెయ్యి అందించాను. ఆమె మంచం కోడు పట్టుకుని ఎక్కింది. ఆటో సాగర్ రోడ్డు ఎక్కి మలుపు తిరిగేదాకా నేను గేటు దగ్గరే నిలబడ్డాను. ఆమె నా వైపు చూడలేదు.