షిఫ్టు విడిచే వేళకు బడి

భిక్షం చదువు నాలుగు రోజులే సాగింది. గౌడవెల్లిలో పెద్దవాళ్ల కోసం పెట్టిన బడి సాయంత్రం ఆరున్నరకు ప్రైమరీ స్కూలు వరండాలో మొదలయ్యేది. మేడ్చల్ దగ్గర అతను పనిచేసే మందుల ఫ్యాక్టరీ ఎనిమిదింటికి గానీ విడిచేది కాదు. పేరు రాయించుకున్న వారంలో ఫ్యాక్టరీలో మరమ్మతులు జరుగుతుంటే నాలుగు రోజులు తొందరగా పంపించారు. ఆ నాలుగు రోజులే బడికి పోయాడు. ఐదో రోజు కొత్త పలకను కూతురు శృతి చేతిలో పెట్టి, "నువ్వే సదువుకో బిడ్డా, నాకు టైము కుదురతలేదు" అన్నాడు.

ఆ తర్వాత ఎనిమిది నెలలకు, 1995 వానాకాలంలో, ఫ్యాక్టరీ షెడ్డులో ఒక డ్రమ్ము మూత ఊడి తెల్లటి పొడి నేల మీద పడింది. నేల శుభ్రం చేయడం భిక్షం పని. చీపురుతో ఊడ్చినంత ఊడ్చి, మిగిలింది కడిగేద్దామని బకెట్ నీళ్లు కుమ్మరించాడు. భగ్గున మంట లేచింది. పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. మూడో రోజు ప్రాణం పోయింది.

అతని భార్య తారాబాయి ఏడవలేదు. చుట్టాలు వచ్చి గుండెలు బాదుకుంటుంటే గోడకు ఆనుకుని కూర్చుంది. ఎవరో నీళ్లిస్తే తాగింది, ఎవరో లెమ్మంటే లేచింది. "దాని గుండె బండ అయింది" అని ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. ఆ మాట ఆమెకు వినిపించింది. అవునేమో అనుకుంది. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

దశదినం అయ్యాక ఫ్యాక్టరీ వాళ్లు కబురు పెట్టి ఆమెను పనిలోకి తీసుకున్నారు. షెడ్డులో సామాన్లు సర్దడం, సీసాలు కడగడం. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు. పొద్దున్నే శృతికి అన్నం డబ్బా కట్టి, పక్కింటి జయమ్మతో కలిసి రోడ్డెక్కేది. జయమ్మ కూడా ఆ ఫ్యాక్టరీలోనే పని. దారంతా ఏదో చెబుతూనే ఉండేది. తారాబాయి ఊ కొట్టేది.

పనిలో చేరిన రెండో నెలలో ఒకరోజు సూపర్‌వైజర్ ఫణిభూషణ్ ఆమెను పిలిచి, వరుసలో మూడో డ్రమ్మును గోడవైపు జరపమన్నాడు.

"దీన్ని ఎందుకు దూరం పెడ్తున్నరు సార్?"

"నీళ్లు తగలకూడదమ్మా. దాని మీదే రాసుందిగా."

"ఏడ రాసుంది?"

అతను వేలు పెట్టి చూపించాడు. ఎర్రటి అట్ట మీద నాలుగు ఇంగ్లీషు మాటలు. చూపించాక గాని ఎవరితో మాట్లాడుతున్నాడో అతనికి గుర్తు రాలేదు. వేలు వెనక్కి తీసుకున్నాడు. తారాబాయి మాత్రం అట్టను కాసేపు చూసి, డ్రమ్మును జరిపి, మళ్లీ సీసాల దగ్గరికి వెళ్లి కూర్చుంది. మధ్యాహ్నం అన్నం తినే వేళకు జయమ్మ దగ్గర పెన్సిల్ ముక్క అడిగి తీసుకుని, సిగరెట్ పెట్టె చింపి దాని లోపలి వైపున ఆ నాలుగు మాటలు దించుకుంది. ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు, గీతకు గీత.

బడి చెప్పేది పద్మజ. గుంటూరు వైపు మనిషి. భర్తకు బ్యాంకు ఉద్యోగం. కొత్తగా లేచిన కాలనీలో ఇల్లు కట్టుకుని, రోజూ సాయంత్రం స్కూటర్ మీద గౌడవెల్లి వచ్చి పెద్దవాళ్లకు అక్షరాలు దిద్దించేది. ఒక ఆదివారం తారాబాయి ఆమె ఇంటికే వెళ్లి సిగరెట్ అట్ట చేతిలో పెట్టింది.

"మేడం, ఇది సదవడం నేర్పుండ్రి."

పద్మజ చదివింది. నీళ్లకు దూరంగా ఉంచమని రాసి ఉందని చెప్పింది. తర్వాత అడిగింది, "ఇది ఎక్కడిదండీ?"

"మా ఆయన పానం దీసిన డబ్బా మీదిది."

పద్మజ అట్టను మళ్లీ చూసింది. లోపలికి వెళ్లి పాఠాల పుస్తకం తెచ్చి పేజీలన్నీ తిప్పింది. అందులో అరక ఉంది, ఆవు ఉంది, అమ్మ ఉంది. ఊళ్లో సగం మంది ఫ్యాక్టరీలకు పోతున్నారు గాని పుస్తకంలో ఫ్యాక్టరీ లేదు. "మీరు ముందు అక్షరాలు నేర్చుకోవాలి కదండీ" అంది, తప్పు చేసినదానిలా.

"నేర్చుకుంట. గని ఆరున్నరకు నాకు కుదరదు. మా ఆయనకూ కుదరలే."

అలా అదే స్కూలు వరండాలో ఆదివారం బడి మొదలైంది. ముందు తారాబాయి ఒక్కతే. తర్వాత జయమ్మ వచ్చింది, ఆమె వెంట ఇంకో అయిదుగురు వచ్చారు. అందరూ ఫ్యాక్టరీ ఆడవాళ్లే. పద్మజ అట్టముక్కల మీద పెద్ద అక్షరాలతో రాసి తెచ్చేది. నీళ్లు. నిప్పు. విషం. మూత. కళ్లు. తెలుగు పైన, ఇంగ్లీషు కింద. ఏడు నెలలకు తారాబాయి తన పేరు, ఊరు, భర్త పేరు రాసింది. పద్మజ చప్పట్లు కొట్టించింది. జయమ్మ కళ్లు తుడుచుకుంది. తారాబాయి కాగితం మీద భిక్షం అన్న మాటను చూసింది. 'క్ష' సరిగ్గా రాలేదని చెరిపి మళ్లీ రాసింది.

తనిఖీకి వచ్చిన అధికారికి ఈ బడి నచ్చలేదు. బడి జరగాల్సింది సాయంత్రం, చెప్పాల్సింది పుస్తకం, హాజరు పట్టీలో ఉండాల్సింది ముప్పై మంది. ఆదివారం వచ్చే ఏడుగురు ఆయన లెక్కలోకి రాలేదు. పరీక్షలో అరక గురించి అడిగారు గాని డబ్బాల గురించి అడగలేదు. తర్వాతి ఏడాది ఆ బడినే ఎత్తేశారు. పద్మజ మాత్రం ఆదివారాలు మానలేదు. కాలనీలో తన ఇంటి మెట్ల మీదే కూర్చోబెట్టి చెప్పింది.

2001లో మేడ్చల్ మండలాఫీసులో ఒక మీటింగు పెట్టారు. రాబోయే అయిదేళ్లలో ఇక్కడి ఫ్యాక్టరీలకు ఎలాంటి పనివాళ్లు కావాలో తెలుసుకుని, పెద్దవాళ్ల చదువును దానికి తగ్గట్టు మలచాలని జిల్లా నుంచి ఆదేశం. దాన్ని నడిపించడానికి వచ్చిన పట్టాభిరామయ్య రిటైర్మెంటుకు దగ్గర పడిన అధికారి. చదువు నేర్చిన ఆడవాళ్లను ఒకరిద్దరిని పిలవమంటే పద్మజ తారాబాయిని తీసుకెళ్లింది.

ఫ్యాక్టరీల వాళ్లు పదో తరగతి పాసైన వాళ్లు కావాలన్నారు. వయోజన విద్య వాళ్లు ఇంత మందికి సంతకం నేర్పామన్నారు. ఒకరు చెప్పింది ఒకరికి పట్టలేదు. టీ తాగాక పట్టాభిరామయ్య తారాబాయి వైపు తిరిగాడు.

"చదువు వచ్చాక నీకు ఎలా అనిపించిందమ్మా?"

"ఏం అనిపియ్యలే సార్."

వెనక ఎవరో నవ్వారు. పద్మజ తల వంచుకుంది. పట్టాభిరామయ్య నవ్వలేదు. "మరి ఎందుకు నేర్చుకున్నావు?"

తారాబాయి లేచి నిలబడింది. గొంతు పెంచకుండా, బస్సు టైములు చెప్పినట్టు చెప్పింది.

"మా ఆయన పేరు భిక్షం. డబ్బా మీద రాసింది సదవరాక నీళ్లు పోసిండు, కాలి సచ్చిపోయిండు. సదవద్దనుకోలే. బడి ఆరున్నరకు పెట్టిండ్రు, ఫ్యాక్టరీ ఎనిమిదింటికి ఇడుస్తుండె. బడి పెట్టినోళ్లు ఫ్యాక్టరీని అడగలే. ఫ్యాక్టరీ వాళ్లు బడిని అడగలే. గిప్పుడు గూడ మీరు ఇద్దరు నన్ను జూస్తున్నరు గని, ఒకలనొకలు జూస్తలేరు."

కూర్చుంది.  ఫ్యాక్టరీల వాళ్లలో దూరంగా కూర్చున్న సూపర్‌వైజర్ ఫణిభూషణ్ చేతిలోని కాగితాన్ని మడతలు పెడుతూనే ఉన్నాడు. తర్వాత లేచి, "మా క్యాంటీన్ రెండు నుంచి మూడు దాకా ఖాళీగానే ఉంటుందండీ" అన్నాడు.

పట్టాభిరామయ్య తర్వాతి వారం షెడ్డుకు వచ్చి డ్రమ్ములు చూశాడు. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి కాగితాలు కదిపించాడు. అప్పటికి ఫ్యాక్టరీ రెండు షిఫ్టులుగా నడుస్తోంది. పొద్దుటి షిఫ్టు విడిచే రెండు గంటలకు క్యాంటీన్‌లో బడి పెట్టించాడు. పాఠాల్లో సగం పుస్తకంలోవి, సగం షెడ్డులోవి. డ్రమ్ముల మీద ఇంగ్లీషు అట్ట పక్కనే తెలుగు అట్ట అంటించారు. ఆ అట్టల మీద మాటలు పద్మజ చెబితే తారాబాయి రాసింది. చదవగలిగిన వాళ్లను స్టోర్లో హెల్పర్లుగా తీసుకుంటామని కంపెనీ ఒప్పుకుంది. తారాబాయి, జయమ్మ సహా నలుగురు అలా స్టోర్లోకి వెళ్లారు.

మూడేళ్లకు పట్టాభిరామయ్య రిటైరయ్యాడు. ఆయనతో పాటు ఆ ఫైలు కూడా ఎక్కడో ఆగిపోయింది. ఫణిభూషణ్ పట్టుబట్టబట్టి క్యాంటీన్ బడి నిలిచింది గాని, స్టోర్ అసిస్టెంటు కావాలంటే పదో తరగతి ఉండాల్సిందేనని పైనుంచి కొత్త రూలు వచ్చింది.

"ఇగ సాలు తియ్యి. హెల్పరుకు ఈ సదువు మస్తయితది" అంది జయమ్మ.

తారాబాయి దూరవిద్యలో పదో తరగతి ఫీజు కట్టింది. శృతి అప్పటికి డిగ్రీలో ఉంది. తల్లీకూతుళ్లు ఒకే బల్బు కింద చదివారు. లెక్కల్లో ఒకసారి తప్పింది. శృతి ఏడ్చింది. తారాబాయి మళ్లీ ఫీజు కట్టింది. అల్వాల్ స్కూల్లో పరీక్షకు వెళ్లినప్పుడు ఆమె పక్కన కూర్చున్నవాళ్లంతా శృతి ఈడు వాళ్లే. ఇన్విజిలేటరు ఆమెను చూసి ఎవరి తల్లో అనుకుని బయట కూర్చోమన్నాడు. హాల్‌టికెట్ చూపించింది.

2006లో పాసైంది. ఫలితం చూసి చెప్పింది శృతి. ఎగిరి గంతేసి తల్లిని వాటేసుకుంది. తారాబాయి చేతుల్లో తడి బట్టలు ఉన్నాయి. "మంచిది బిడ్డా" అని, బట్టలు ఆరేసి వచ్చి అన్నం వడ్డించింది. సంతోషం వస్తుందేమోనని ఆ రోజంతా కాస్త ఎదురు చూసింది. రాలేదు. అయితే ఇదివరకటిలా అదొక లోటని అనిపించలేదు. మనుషులు ఎన్నో రకాలుగా ఉంటారు, తాను ఇలా ఉంది.

స్టోర్ అసిస్టెంటుగా ఆమెకు బల్ల, కుర్చీ, తాళం చెవులు ఇచ్చారు. మొదటి వారం ఆమె అడిగింది ఒక్కటే. షిఫ్టుల పట్టిక వారం వారం మారుతుంది కనుక, అది గోడకు ఎక్కకముందే తనకొక ప్రతి కావాలంది. దాన్ని చూసి బడి వేళలు రాసేది. పొద్దుటి షిఫ్టు వాళ్లకు రెండు గంటలకు, మధ్యాహ్నం షిఫ్టు వాళ్లకు పన్నెండున్నరకు. రావల్కోల్ నుంచి సైకిళ్ల మీద వచ్చే మగవాళ్లు కూడా ఇప్పుడు పలకలు పట్టుకుని కూర్చుంటున్నారు. పద్మజ వారానికి రెండు రోజులే రాగలదు, తక్కిన రోజులు తారాబాయే చెబుతుంది.

పై ఏడాది బడి చూసి రాసుకోవడానికి ఒక పత్రికాయన వచ్చాడు. ఇంత చేశారు కదా, ఇప్పుడు తృప్తిగా ఉందా అని అడిగాడు.

తారాబాయి కాసేపు ఆలోచించింది. ఊరికే ఏదో ఒకటి చెప్పడం ఆమెకు రాదు.

"ఏమో సార్. ఎవ్వలు బడి మానేస్తలేరు. టైముకు వస్తున్నరు" అంది. రెండవుతోంది, చాక్‌పీసు తీసుకుని లేచింది.