ఆటల దీదీ గదిలో చెక్కరైలు

మా అమ్మాయి అయిదు నెలలపాటు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. దానికప్పటికి నాలుగేళ్ళు నిండాయి. తప్పు నాదే. రెండో కాన్పుకి నేను విజయనగరం పుట్టింటికి వెళ్ళాల్సిన వారంలోనే దానికి తట్టు పోసింది. వెంట తీసుకెళ్ళకూడదన్నారు. "పడుకున్నప్పుడు బేగి ఎలిపో అమ్మా, నేకపోతే కాళ్ళకి సుట్టుకుంటాది" అన్నారు మా అత్తగారు. మా వైపు అందరూ చేసే పనే. మధ్యాహ్నం బండికి, అది నిద్రలో ఉండగా, చప్పుడవకుండా చెప్పులు చేత పట్టుకుని గడప దాటాను. మూడు నెలల తర్వాత చంటివాడితో తిరిగొస్తే గుమ్మంలో నిలబడి నన్నొకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. నేను లేనన్నాళ్ళూ మాటలు తగ్గాయట. నేను వచ్చాక పూర్తిగా ఆగిపోయాయి.

బి.ఏ. చదివినదాన్ని, అయినా వసకొమ్ము అరగదీసి దాని నాలుకకి రాశాను. తాయెత్తు కట్టించాను. ఇక ఇది మూగపిల్లగానే ఉండిపోతుందా అని కుమిలిపోయాను. చెవులూ గొంతూ చూసిన డాక్టరు అన్నీ బాగున్నాయన్నాడు. మా ఖరగ్‌పూర్‌లోనే తాల్‌బగీచాలో ఒక ఇంటి ముందుగదిలో శనివారాలు ఒక దీదీ కూర్చుంటుందనీ, కలకత్తా నుంచి లోకల్ రైల్లో వస్తుందనీ, ఆటలతోనే పిల్లల బెంగలు తీరుస్తుందనీ చెప్పింది ఆయనే.

ఇంట్లో చెప్పగానే మావారు నవ్వారు. ఆయన ఖరగ్‌పూర్ దగ్గర ఒక చిన్న స్టేషనులో అసిస్టెంటు స్టేషన్ మాస్టరు.

"మన ఝపటాపూర్ ఈధిలో గుంటలంతా పొద్దస్తమానం ఆడతన్నారు. ఆళ్ళందరికీ డాక్టర్లున్నారేటి?"

"ఆడనీరా," అన్నారు అత్తగారు. "నీ మాటలకంటే ఆటలే నయం. నీ మాటలిని ఎవుడికీ రోగం తగ్గనేదు."

మొదటి శనివారం దానికి పట్టుపరికిణీ కట్టి, రెండు జడలు వేసి, "నమస్తే పెట్టు, ఏదీ ముట్టుకోకు" అని రిక్షాలో దారంతా పాఠం చెప్తూ తీసుకెళ్ళాను. గదిలో ఇసుక తొట్టె, బంకమట్టి, గుడ్డబొమ్మలు, ఒక చెక్కరైలు. దీదీ నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో, చాప మీద కూర్చుని ఉంది. పిల్లని పేరైనా అడగలేదు. నాతో మాత్రం బెంగాలీ వరసలో వదినా అని పిలుస్తూ హిందీలో, "బౌదీ, వచ్చేవారం పాత గౌను వేసి తీసుకురండి. పట్టుబట్టలు కట్టుకుని మీరైనా ఆడగలరా? ఇంకొకటి. ఈ గదిలో ఇది చెయ్యి అనకూడదు, అది తప్పు అనకూడదు" అంది.

నేను మూల కూర్చుని చూసేదాన్ని. మూడోవారం నుంచి మా అమ్మాయిది ఒకటే ఆట. చిన్న బొమ్మకి రుమాలు కప్పి పడుకోబెట్టేది. పెద్ద బొమ్మని రైలెక్కించేది. రైలు గది చివరిదాకా పోయేది. మళ్ళీ మొదలు. దీదీ కంటికి కనిపించింది చెప్పేది, అంతే. "చిన్న బొమ్మ పడుకుంది. పెద్ద బొమ్మ వెళ్ళిపోయింది." ఎందుకని అడిగేది కాదు. నాకు అర్థమైంది. దాన్ని దగ్గరికి తీసుకుని తప్పయిందని చెప్పేయనా అని అడిగితే, "ఆగండి బౌదీ, తన ఆట ఇంకా పూర్తవలేదు" అంది.

ఆరోవారం రైలు తోస్తూ తోస్తూ అది కూత పెట్టింది. చిన్నగా, పెదాల చివర, కూ అని. రిక్షా ఇంటిముందు ఆగకముందే దూకి అత్తగారికి చెప్పాను. మావారు డ్యూటీ మార్పించుకుని మరుసటి శనివారం తానూ వచ్చారు.

రెండు నిమిషాలు బుద్ధిగా కూర్చున్నారు. అంతలో పిల్ల రైలు చివర ఉండే గార్డు పెట్టెని విప్పి పక్కన పడేసి రైలు కదపబోయింది.

"ఏటే, గార్డు నేకుండా బండి కదుల్తాదేటి?" అని చెయ్యి చాపి పెట్టె తగిలించేశారు.

అది రైలు వదిలేసి గోడవైపు తిరిగి కూర్చుంది. ఆరు వారాలూ ఒక్క చేత్తో తుడిచేశారనుకున్నాను. పదిమందిలో మొగుణ్ణి తిట్టకూడదు గానీ, అక్కడున్నది నలుగురమే. నేను నోరు తెరిచేలోపు దీదీ ఆయన్ని అన్నా అని పిలిచి అడిగింది:

"దాదా, మీరు లైన్ ఇవ్వకుండా డ్రైవరు బండి కదిపితే ఊరుకుంటారా?"

"సస్పెండైపోతాడు."

"ఈ గదిలో స్టేషన్ మాస్టరు మీ అమ్మాయి."

ఆయన ముఖంలో నవ్వు పోయింది. వేళాకోళం అనుకోలేదు, రూలు అర్థమైంది. పెట్టె విప్పి ఎక్కడ ఉన్నదక్కడే పెట్టారు. రైలు వెనక్కి జరిపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, దాని వీపుకేసి చూస్తూ అన్నారు:

"మేస్టారూ, బండి ప్లాట్‌ఫారం మీదే ఆగున్నాది. లైన్ క్లియరిస్తారేటి?"

ఆయన మళ్ళీ అడగలేదు. లైన్ అడిగాక ఎదురుచూడ్డమే వాళ్ళ ఉద్యోగం. బయట ఎవరిదో సైకిలు బెల్లు మోగి ఆగింది. మా అమ్మాయి మెల్లగా ఇటు తిరిగింది.

"నేదు" అంది.

కొంగు నోట్లో కుక్కుకున్నాను. దీదీ కదలవద్దని నాకు చేత్తో సైగ చేసింది.

"ఎందుకు నేదు మేస్టారూ?" అన్నారాయన, చేతులు ఒళ్ళోంచి తీయకుండానే.

"గుంట పడుకున్నాది. లేపి సెప్పాల."

అని చిన్న బొమ్మని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. దీదీ తలూపింది. రుమాలు తీశాను. "లే తల్లీ. నేను అమ్మమ్మగారింటికి వెళ్తున్నాను. చాలా రోజులుంటాను. తమ్ముణ్ణి తీసుకుని వచ్చేస్తాను. ఆ రోజు నిన్ను లేపకుండా వెళ్ళిపోయాను, తప్పు నాదే." అదంతా విని, బొమ్మ ముఖంలోకి ఓసారి చూసి, "ఇప్పుడు పో" అని వాళ్ళ నాన్నకి చెప్పింది.

ఆ పూట బండి ఎన్నిసార్లు వదిలిందో నాకు తెలీదు. ప్రతిసారీ నేను బొమ్మని లేపాల్సిందే. గార్డు పెట్టె మాత్రం చివరిదాకా తగిలించనివ్వలేదు. మావారు చేతులు తొడల కింద పెట్టుకుని ఓర్చుకున్నారు. దీదీకి లోకల్ తప్పిపోయింది.

మాటలు వరదలా ఏం రాలేదు. రోజుకి నాలుగు, అయిదు. ఇప్పుడు నేను ఎక్కడికి కదిలినా దానికి చెప్పే కదులుతున్నాను. "ఈ ఇంట్లో పెరట్లోకెళ్ళాలన్నా ఎనౌన్సుమెంటే" అంటారు అత్తగారు. మొదట్లో చెప్పినప్పుడల్లా లేచొచ్చి నా కుచ్చిళ్ళు పట్టుకునేది. ఈ పొద్దున బిందె చంకనెత్తుకుని, కుళాయి దగ్గరికి వెళ్తున్నానన్నాను. అది పలక మీద గీతలు గీసుకుంటోంది.

"ఎల్లు" అంది. తల కూడా ఎత్తలేదు.

తల ఎత్తలేదన్న సంగతి దీదీకి చెప్పాలి. శనివారానికి ఇంకా మూడు రోజులున్నాయి.