మా సోషల్ సార్ అడిగించిన ప్రశ్న

సోషల్ సార్ పోయారన్న కబురు నాకు ఆత్మకూరు బస్టాండు పక్కన టీ అంగట్లో తెలిసింది. గోడకున్న టీవీలో ముందురోజు అసెంబ్లీ మళ్లీ చూపిస్తున్నారు. బడ్జెట్ మీద చర్చ. చర్చ అంటే మీకు తెలిసిందే కదా, ఒకాయన లేచి ఇంకొకాయన పుట్టుక గురించి మాట్లాడుతున్నాడు, వెనక బెంచీలవాళ్లు బల్లలు చరుస్తున్నారు. అప్పుడు ఫోను మోగింది. నాతో ఉదయగిరి హైస్కూల్లో చదువుకున్న అమ్మాయి, ఇప్పుడు కలిగిరి వైపు బడిలో టీచరు. "సార్ పోయినార్రా. నిద్దర్లోనే పోయినారంట. నేను బయల్దేరతా ఉండా, నువ్వూ వచ్చెయ్," అంది.

నా పక్కన కూర్చున్న పెద్దాయన టీవీ చూసి తొడ చరుచుకుని, "భలే ఇచ్చినాడబ్బా!" అన్నాడు. నేను టీ గ్లాసు సగంలోనే బల్ల మీద పెట్టేశాను. ఆయన మీద కోపం కాదు. అలాంటి మాటలు కొన్నేళ్లపాటు కూర్చుని రాసిచ్చినవాణ్ణి నేనే.

సార్‌ది సీతారామపురం అవతల మెట్ట ఊరు. ఉద్యోగమంతా ఉదయగిరిలో చేసి, రిటైరయ్యాక మళ్లీ ఆ ఊరికే పోయారు. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడు. తాగి తాగి పళ్లు పచ్చబడతాయి, నడివయసు దాటితే మోకాళ్లు, నడుము బిగుసుకుపోతాయి. ఆఖరి రోజుల్లో సార్ మెడ పక్కకు తిప్పలేకపోయేవారు. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది. "నేను గవర్నమెంటోణ్ణి కదరా, ఎటు తిరిగినా పూర్తిగానే తిరుగుతా," అని ఆయనే నవ్వేవారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయన మాకొక పని పెట్టేవారు. రాష్ట్ర బడ్జెట్ పెట్టిన వారంలో ఒకరోజు క్లాసులో బెంచీలు ఎదురెదురుగా వేయించి, సగం మందిని ప్రభుత్వం, సగం మందిని ప్రతిపక్షం చేసేవారు. పేపర్లో వచ్చిన బడ్జెట్ పేజీలే పాఠం. దానికి ఒకటే నియమం. లేచినవాడు జవాబు చెప్పేముందు ఎదుటివాళ్లు అడిగినదాన్ని తన నోటితో తిరిగి చెప్పాలి. అడిగినవాళ్లు "అవును, నేనడిగింది అదే" అనేదాకా జవాబు మొదలుపెట్టకూడదు. మీరు ఒకసారి ఇంట్లో ప్రయత్నించి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది.

ఆ ఏడు నేను ఆర్థిక మంత్రిని. నాయన చొక్కా ఒకటి ఇస్త్రీ చేయించుకుని తొడుక్కుని పోయాను. ఇప్పుడు ఫోన్ చేసిన అమ్మాయే ప్రతిపక్షం. ఆమె లేచి, "మా అవ్వ సబ్బు కొన్నా, అగ్గిపెట్టె కొన్నా దాంట్లో పన్ను ఉండాదంట. ఆ పన్ను తీసుకోని మా అవ్వకి ఏం చేసినారో చెప్పండి," అంది. నాకు జవాబు తెలియదు. అందరూ నన్నే చూస్తున్నారు. "మీ నాయన సారాయంగట్లో డబ్బులు పోస్తన్నాడే, అదీ పన్నే, పోయి ఆయన్నడుగు," అన్నాను. క్లాసంతా పగలబడి నవ్వింది. నేను కాలరు సర్దుకున్నాను.

సార్ నవ్వలేదు. "ఆ పిల్ల ఏమడిగిందో చెప్పు," అన్నారు. నాకు గుర్తుంటేగా! నేను వినలేదు, ఏమంటే నవ్వుతారా అని వెతుక్కుంటున్నాను. ఆ వారమంతా నన్ను ఆమె పక్కన ప్రతిపక్షం బెంచీలో కూర్చోబెట్టి, ఆ ప్రశ్నే రోజూ నాచేత అడిగించారు. ఆఖరి రోజు బయటికి వస్తుంటే భుజం మీద చెయ్యి వేసి, "ప్రశ్న అడిగితే మనిషిని తిట్టినావంటే నీకాడ జవాబు లేదని ఒప్పుకున్నట్టే. అర్థమయిందా?" అన్నారు. అయిందన్నాను. మంచి పిల్లాడిలా తలూపాను కూడా.

ప్రభుత్వం మనకిస్తోంది అని ఎవరైనా అంటే ఆయనకు ఒళ్లు మండేది. ఊళ్లో పింఛను తీసుకొచ్చిన ముసలమ్మ "ఆ మారాజు సల్లగుండాల, నాకిస్తన్నాడు" అని దణ్ణం పెడితే, ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, "ఎవురి జోబీలోంచి ఇస్తన్నాడమ్మా? నువ్వు కొన్న సబ్బు బిళ్ల కాడ్నించి, నీ కొడుకు బండికి పోయించే పెట్రోలు కాడ్నించి నువ్వు కట్టిందేగా. నీది నీకిచ్చినోడికి దణ్ణమెందుకు?" అనేవారు. ఆమె అంతా విని, "అది సరేగానీ అయ్యవారూ, ఆయన ఇయ్యకపోతే నేనేం జెయ్యాల?" అనేది. సార్ దగ్గర దానికి జవాబు లేదు. లేదని ఒప్పుకునేవారు కూడా.

ఆయనకొక అలవాటుండేది. అసెంబ్లీని శబ్దం తీసేసి చూసేవారు. మొదటిసారి చూసినప్పుడు టీవీ చెడిపోయిందనుకున్నాను. "చెడిపోలేదురా, నోరు నేనే మూసినా. మాట వినబడకుంటే ఎవుడు వింటన్నాడో కనబడతాది. చూడు, ఒక్కడన్నా అవతలోడి మొహం చూస్తన్నాడా?" అన్నారు. నిజంగానే ఒక్కడూ చూడడం లేదు. ఒకరు ఫోను, ఒకరు పక్కవాడి చెవి, ఒకరు గ్యాలరీలో ఉన్న సొంత మనుషుల వైపు.

ఇక నా సంగతి. డిగ్రీ అయ్యాక వేరే జిల్లా శాసనసభ్యుడి దగ్గర చేరాను. పేరు అనవసరం, ఆయన్లాంటివాళ్లు రెండువైపులా ఉన్నారు. నోట్సు రాయడం నా పని. మొదట్లో పన్నులు, కేటాయింపులు, కిందటేడు చెప్పిందెంత చేసిందెంత అని చదివి చదివి రాసేవాణ్ణి. ఆయన పేజీ తిప్పి చూసి, "ఇది ఎవుడికి కావాల? టీవీలో పడే మాట ఒకటి రాయి," అనేవాడు. రాశాను. ప్రాస కుదిరేట్టు రాశాను. మనుషుల నడక మీద, రంగు మీద, ఇంట్లో ఆడవాళ్ల మీద రాశాను. రాసింది సాయంత్రానికల్లా అందరి ఫోన్లలో తిరుగుతుంటే పొంగిపోయాను. ఛీ, ఇప్పుడు తలుచుకుంటే ఆ చేత్తో అన్నం తినబుద్ధి కాదు.

సార్‌కు ఎలా తెలిసిందో, ఒకరోజు బస్సెక్కి ఆత్మకూరులో మా ఇంటికి వచ్చారు. ఆ నడుముతో, ఆ మోకాళ్లతో. కాఫీ తాగాక, "మొన్న సభలో మీ నాయకుడు ఆ ఆడమనిషి మీద అన్న మాట నువ్వు రాసిందేనా?" అని అడిగారు. నేను ఖాళీ గ్లాసులు తీసి పక్కన పెట్టాను. "నీ కూతురు చూసిందా?" అన్నారు. చూసింది, స్కూల్లో అనుకరించి చూపించి మెప్పు కూడా పొందింది. అదీ చెప్పలేదు. తిడతారని కూర్చున్నాను. తిట్టలేదు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి నా చేతిలో పెట్టారు.

అది సభలో అడగాల్సిన ప్రశ్న. మెట్ట గ్రామాలకు మంచినీళ్ల పథకం అని బడ్జెట్ ప్రసంగంలో ప్రతి ఏడూ చదువుతున్నారు, పైపు ఏ ఊరిదాకా వచ్చింది, ఆగింది ఎక్కడ, మళ్లీ మొదలయ్యేది ఎప్పుడు? ఇంతే. "మా తరం ఎముకలు ఎట్టాగూ పోయినాయి. చిన్నపిల్లకాయలు ఉండారు. మంత్రి లేచి నోటితో ఒక తేదీ చెబితే చాలు, దాన్ని పట్టుకోని కలెక్టరాఫీసు కాడ కూర్చుంటాం. నాకు ఇంకేం చెయ్యొద్దు, ఇది ఒక్కటి అడిగించు నాయనా," అన్నారు. నన్ను ఆయన నాయనా అని పిలవడం అదే మొదలు.

మా నాయకుడు సంతకం పెట్టాడు. ఆయనకు పోయేదేముంది? బడ్జెట్ సమావేశాల్లో ఒకరోజు ప్రశ్నల జాబితాలోకి అది ఎక్కింది. నాలుగోది. సార్ ఊళ్లో పంచాయతీ ఆఫీసు టీవీ ముందు జనం చేరారట. ఆ రోజు మాత్రం శబ్దం పెట్టమన్నారట సార్.

మూడో ప్రశ్న నడుస్తుండగా మా నాయకుడు మధ్యలో లేచాడు. ఆ ప్రశ్నతో ఆయనకేమీ సంబంధం లేదు. జేబులోంచి చీటీ తీసి చదివాడు. అవతలి నాయకుడి తల్లి మీద ఒక మాట. సభంతా అరుపులతో లేచింది. కాగితాలు చింపారు, పోడియం చుట్టూ మూగారు, మైకులు ఆగిపోయాయి. వాయిదా. తిరిగి మొదలయ్యేసరికి ప్రశ్నల సమయం అయిపోయింది. అడగకుండా మిగిలిన ప్రశ్నలకు జవాబు చెప్పినట్టుగానే భావిస్తారు, అది అక్కడి పద్ధతి. కాగితం మీద జవాబు వచ్చింది. "ప్రతిపాదన పరిశీలనలో ఉంది."

ఆ చీటీ ముందురోజు నేను రాసిచ్చిందే. ప్రశ్నా నా చేతి మీదుగానే పోయింది, దాన్ని మింగిన మాటా నా చేతి మీదుగానే పోయింది.

ఇంతటితో అయిపోతే బాగుండేది. "జవాబు చెప్పినట్టు భావించడమైనది" అన్న కాగితం ఫోటో సార్ ఊరికి చేరింది. ప్రభుత్వం జవాబు చెప్పిందట, నీళ్లు ఒప్పుకున్నారట అని ఎవరో చదివేశారు. సాయంత్రానికి ఒక పార్టీవాళ్లు నీళ్లిచ్చిన దేవుడని తమ నాయకుడి ఫ్లెక్సీ కట్టారు. పొద్దున్నే రెండో పార్టీవాళ్లు నీళ్లు తెప్పించిన వీరుడని ఇంకోటి కట్టారు. పోటీ పడి రెంటికీ పాలాభిషేకం చేశారు. సొసైటీకి పోవాల్సిన పాల క్యాన్లు దారిలో ఆపి పోశారు.

మూడోరోజు నేను వెళ్లేసరికి ఆ పాలు విరిగి, రోడ్డు మీద ఈగలు ముసురుతున్నాయి, ముక్కు మూసుకుంటే తప్ప నిలబడలేం. సార్ ఆ ఫ్లెక్సీల కింద నిలబడి ఉన్నారు. నన్ను చూసి మొత్తంగా తిరిగి, "పాలు పోసినారు. కడిగేదానికి నీళ్లేవిరా?" అన్నారు.

ఇంటికి తీసుకుపోయారు. "సభ ఎందుకు ఆగింది?" అని అడిగారు. అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. చెప్పలేకపోయాను. చీటీ నాదేనన్నాను. ఆయన లోపలున్న తన భార్యకు, అదే మా అమ్మగారికి, వినబడేట్టు, "వీడికి నీళ్లియ్యి. వచ్చినోళ్లకిచ్చే క్యాను నీళ్లు కాదు, మన బోరు నీళ్లు," అన్నారు. అమ్మగారు వద్దన్నట్టు చూసింది. ఆయన వినలేదు. గ్లాసెడు తాగాను. నాలుక మీద సున్నపు తేట పోసినట్టుంది, గొంతులో దిగనంటోంది. "ఇంకో గ్లాసు," అన్నారు సార్. ఏడుస్తూనే తాగాను.

ఉద్యోగం మానేశాను. ఇందులో నా గొప్పేమీ లేదు, నా కుర్చీలో వారం తిరక్కుండా ఇంకొకడు కూర్చున్నాడు. నాకంటే బాగా రాస్తున్నాడు. జనం నాకంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నారు. సార్ నన్ను క్షమించారో లేదో తెలియదు. వెళ్లినప్పుడల్లా కూర్చోమన్నారు, పేపరు చదివించుకున్నారు. మళ్లీ నాయనా అని మాత్రం పిలవలేదు. ఏటా బడ్జెట్ మర్నాడు పేపర్లో ఆ పథకం పేరు కనబడితే ఎర్ర పెన్సిలుతో గీత గీసి, కాగితం మడిచి పక్కన పెట్టేవారు. నాకు చదువు చెప్పిన మనిషి ఆయన. నేను ఆయనకు చేసిన మేలు ఇది.

సమాధుల దొడ్డి దగ్గర మధ్యాహ్నం జరిగింది ముందే చెప్పి పారేస్తాను, దాని గురించి ఎక్కువ మాట్లాడబుద్ధి కాదు. పాస్టరుగారి ప్రార్థన కాగానే రెండు పార్టీల మండల నాయకులూ మాట్లాడారు. ఒకాయన, మాస్టారి కల నెరవేర్చేది మా ప్రభుత్వమే అన్నాడు. రెండో ఆయన, మీ హయాంలో ఒక్క పైపన్నా దించినారా అన్నాడు. పెట్టె మీద ఇంకా మట్టి పడలేదు. పాస్టరుగారు పాట ఎత్తుకుంటే తప్ప ఆగలేదు. థూ.

నేను చెప్పాలనుకున్నది పొద్దున జరిగింది. నేనూ, నా క్లాసు అమ్మాయీ చేరేసరికి పది కావస్తోంది. సార్‌ను ఇంకా వసారాలో మంచం మీదే ఉంచారు. కొత్త పంచె, తెల్ల చొక్కా మడత పెట్టి తలగడ పక్కన ఉన్నాయి. స్నానం చేయించలేదు. కుళాయి వంతు రేపట, కరెంటు లేక బోరు ఆడలేదట, ఇరుగుపొరుగు ఇళ్లలో తలా చెంబెడు తాగేనీళ్లే మిగిలాయి. అమ్మగారు గోడకానుకుని కూర్చుని ఉంది. ఏడుపు కూడా అయిపోయినట్టుంది.

అప్పుడు ట్యాంకరు వచ్చింది. ఊరి మొదట్నుంచి వెనక పైపు తెరుచుకుని, మట్టి రోడ్డంతా తడుపుకుంటూ మెల్లగా వస్తోంది. నాయకుల కార్లు వస్తున్నాయి, దుమ్ము లేవకూడదని ఎవరో పంపారు. అన్ని నీళ్లు ఆ వీధిలో నేను ఎన్నడూ చూడలేదు. అమ్మగారు లేచింది. లోపలికి పోయి బిందె తెచ్చి, రోడ్డు మీదికి నడిచి, కదులుతున్న ట్యాంకరు వెనక పైపు కింద పట్టింది.

డ్రైవరు బండి ఆపి తల బయటికి పెట్టాడు. "అవ్వా, ఇయ్యి రోడ్డుకి. సార్లు వస్తా ఉండారు."

"మా సార్‌కి స్నానం చేయించాల నాయనా," అంది అమ్మగారు.

అతను దిగి వచ్చి తనే బిందె పట్టుకున్నాడు. ఇళ్లలోంచి ఆడవాళ్లు కడవలు, బకెట్లు పట్టుకుని ఒకరొకరే వచ్చి నిలబడ్డారు. నా క్లాసు అమ్మాయి ఒక బిందె ఎత్తుకుంది, నేనొకటి ఎత్తుకున్నాను. రోడ్డు సార్ ఇంటిదాకా తడిసింది, అక్కణ్ణించి ఎండుగానే ఉండిపోయింది. ఆ ఎండు వైపు నుంచే రెండు కార్లు వచ్చాయి. దుమ్ము గోడంత ఎత్తున లేచి మా మీదికి వచ్చింది. అమ్మగారు చప్పున వంగి, చీర కొంగు లాగి బిందె మూతికి కప్పింది.