తురాయి తొందర, కానుగ నిదానం

పోయిన ఆదివారం ఉప్పల్‌లో మా వీధి సంఘం వాళ్ళు అపార్ట్‌మెంటు సెల్లారులో మీటింగు పెట్టారు. డ్రైనేజీ పైపుల కోసం తవ్విన రోడ్డుని ఎట్టకేలకు పూడ్చారు కదా, ఇక రెండు వైపులా చెట్లు పెడదాం, తురాయి పెడదామా కానుగ పెడదామా అన్నది విషయం. ఎర్రగా విరగబూసిన తురాయి ఫొటోలు ఫోన్లలో చేతులు మారాయి. కానుగ ఫొటో ఎవరూ వెతకలేదు. వెతికినా అందులో చూడటానికి ఆకులు తప్ప ఏముంటాయి. చేతులెత్తమంటే కానుగకి నాది ఒక్కటే చెయ్యి లేచింది, అదీ భుజం నొప్పి వల్ల సగం దాకానే. "ఆంటీ, మీది సగం ఓటని రాసుకోమంటరా" అని సెక్రటరీ నవ్వాడు. అందరితో పాటు నేనూ నవ్వాను గానీ చెయ్యి మాత్రం దించలేదు. చివరికి విసిగి, మా గేటు ముందు గుంత ఒక్కటి నా ఇష్టానికి వదిలేశారు. ఎందుకంత మొండితనం అని మా ఆయన అడిగితే, ఆయనకి తెలిసిన కథే మళ్ళీ మొదలుపెట్టాను, ఆయన మధ్యలోనే కునుకు తీశారు. మిగతాది మీకు చెబుతున్నాను.

నాచారంలో పంపుల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో టైమ్ ఆఫీసు గుమాస్తాగా చేరేనాటికి నాకు పెళ్ళై ఆరు నెలలు. ఆ రోజులు చూసినవాళ్ళకి టైమ్ ఆఫీసంటే ఏమిటో చెప్పక్కర్లేదు. గేటు పక్కన చిన్న గది, గోడకి హాజరు కార్డుల అర, కార్డు దూర్చితే టక్కున వేళ గుద్దే గడియారం, భోజనాల బెల్లు కొట్టే మీట, ఆ మీట వెనకాల నేను. బాపట్ల వైపు మా పుట్టింట్లో ఏ పెళ్ళికి వెళ్ళినా తలంబ్రాలయ్యాకే చేరే మనిషిని, మూడొందల మందికి వేళ చెప్పే ఉద్యోగంలో కూర్చున్నాను.

ఆ గది కిటికీలోంచి నాకు రోజూ కనిపించేది ప్యాకింగు సెక్షన్ ఆడవాళ్ళ భోజనం. క్యాంటీను పర్మనెంటు వాళ్ళకే. రోజుకూలి మీద వచ్చే ఈ పద్నాలుగు మందీ ప్రహరీ గోడ పక్కన కూర్చుని తినేవాళ్ళు. పొద్దున ఆ గోడకి బారెడు నీడ ఉండేది, కానీ సరిగ్గా నేను ఒంటిగంట బెల్లు కొట్టేసరికి సూర్యుడు నడినెత్తిన ఉండి ఆ నీడ కాస్తా గోడలోకే దూరిపోయేది. కొంగులు తల మీద కప్పుకుని, కాలే నేల మీద అట్టపెట్టెలు పరుచుకుని గబగబా మింగి లేచేవాళ్ళు. వాళ్ళలో పెద్దావిడని అందరం పెద్దక్క అనేవాళ్ళం, లాలాపేట్ నుంచి వచ్చేది. ఒక మే నెలలో అన్నం కలుపుతూ కలుపుతూ పక్కకి ఒరిగిపోయింది. నీళ్ళు చల్లి నా గదిలోకి మోసుకొచ్చి పడుకోబెడితే, కళ్ళు తెరుస్తూనే అడిగిన మాట, "చెల్లె, నా కార్డు మీద సగం రోజు గొట్టినవా?" అని. సగం రోజు గుద్దితే సగం కూలే.

మర్నాడు మేనేజరు గదికి వెళ్ళాను, అందరికీ ఆయన పెద్దసారు. క్యాంటీను సంగతి కదిలిస్తే కుదరదన్నారు. గోడవార స్థలంలో చెట్లయినా పెట్టనివ్వండి అన్నాను. అక్కడ పాత ఇనుము గుట్ట పోద్దామనుకుంటున్నాం, సరే, వచ్చే వానల నాటికి మొక్కలు బతికుంటే స్థలం మీది, లేకపోతే ఇనుముది, అన్నారు. ఇనుముకి నీళ్ళు పొయ్యక్కర్లేదు, కాబట్టి పోటీలో అది ముందే నాకంటే ఒక మెట్టు పైనుంది.

తోటపని తెలిసినవాడు, అందరం మామ అని పిలిచే గేటు కాపలాదారు ఒక్కడే. కీసర దగ్గర వ్యవసాయం చేసి వచ్చిన మనిషి. నేను తురాయి అన్నాను, ఆయన కానుగ అన్నాడు. తురాయి రెండేళ్ళలో మనిషెత్తు దాటుతుంది, పూస్తే ఫ్యాక్టరీకే పెళ్ళికళ వస్తుంది, పూల మధ్య కాడలు మెలేసి పిల్లలు కోడిపుంజుల పందెం ఆడుకుంటారు అని నేను నా చిన్నతనమంతా ఏకరువు పెట్టాను. మామ బీడీ ఆర్పి, నిదానంగా చెప్పాడు.

"పువ్వు జూసి కడుపు నింపుకుంటరా బిడ్డా? ఎండ కొట్టే నెలల్ల దానికి ఆకే ఉండది. ఎర్రగొడుగే గానీ గుడ్డ లేని గొడుగు. కానుగ జూడు, శివరాత్రి దాటినంక ఆకు రాలుస్తది, ఉగాదికి మల్ల కొత్తాకు కప్పుకుంటది. ఎండలు ముదిరెటాల్లకు నీడ తయారు."

ఇంకా చాలా చెప్పాడు. తురాయికి నీళ్ళు నిలవని వదులు మట్టి కావాలట, దాని వేళ్ళు పైపైనే పాకి గోడని, గచ్చుని ఎత్తేస్తాయట, కొమ్మ పెళుసు కాబట్టి గాలిదుమారానికి ఆగదట, ఎండిన కాయలు పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరావట. కానుగ వేరు నిలువునా దిగుతుంది, రాళ్ళ నేలైనా సర్దుకుంటుంది, మొదటి రెండేళ్ళు మాత్రం ఎదుగుతోందా లేదా అని అనుమానం వచ్చేంత నిదానం. పుల్ల పళ్ళు తోముకోవడానికి, ఆకు ఎరువుగా మడిలో తొక్కడానికి, గింజల నూనె గజ్జికి, నూనె తీశాక మిగిలిన పిండి మొక్కల మొదట్లోకి. విన్నాక నాకు అర్థమైంది, ఆ రెండింటి వేళ్ళే వేరు. అయినా నా మాట పోగొట్టుకోవడం ఇష్టంలేక తురాయి ఎనిమిది, కానుగ ఎనిమిది పెట్టించాను. ఏడాదిలో బతికి చూపించాలంటే తొందరగా పెరిగేదే మేలని నా లెక్క.

వానల్లో నాటిన మొక్కలు సంక్రాంతి దాకా బాగానే ఉన్నాయి. నేను చెప్పినట్టే తురాయిలు నా భుజం దాటాయి, కానుగలు మోకాలి దగ్గరే ఆలోచిస్తూ నిలబడ్డాయి. ఏప్రిల్‌లో బోరు ఎండింది. ట్యాంకరు నీళ్ళు తాగడానికే చాలడం లేదు. అదే సమయంలో మామ మేనకోడలి పెళ్ళని పది రోజులు ఊరెళుతూ మొక్కల్ని నాకప్పజెప్పాడు.

లేత్ మిషన్ల దగ్గర ఇనుము వేడెక్కకుండా నూనె కలిపిన నీళ్ళు పోస్తుంటారు, మజ్జిగలా తెల్లగా ఉంటాయి. వాడేసినవి డ్రమ్ముల్లో పారబోతకి సిద్ధంగా కనిపించాయి. నూనె తీసిన పిండే మొక్కకి బలమైనప్పుడు నూనె నీళ్ళు ఇంకెంత బలమో అని నా బుర్రకి తోచింది. ఇద్దరు హెల్పర్లని పెట్టి నాలుగు రోజులు మొక్క మొక్కకీ బిందెడు పోయించాను. ఎంత పొదుపరినో అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

వారం తిరక్కముందే తురాయిలు ఎనిమిదీ కాడతో సహా నల్లబడి వాలిపోయాయి. కానుగలు ఉన్న ఆకంతా రాల్చి పుల్లలై నిలబడ్డాయి. మామ తిరిగొచ్చి మట్టి పిడికెడు తీసి వాసన చూశాడు. నేను నిజం చెప్పేశాను.

"మిషన్‌కు తాపే నీళ్ళు మొక్కకు తాపినవా బిడ్డా? రేపు నీకు జొరమొస్తే గ్రీజు రాయాల్నా?"

నా వెనకాల నిలబడి వింటున్న పెద్దక్క మొక్కల్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఆ స్థలం పోతే ఎండలో కూర్చోవలసింది తనే. మామ పార అందుకుని తడిసిన మట్టంతా తీసేయడం మొదలుపెట్టాడు, నేను చీర కుచ్చిళ్ళు ఎగదోపి తట్ట ఎత్తాను. ఊళ్ళోనే వదిలేసి వచ్చాననుకున్న పని అది. కొత్త మట్టి పోశాక నీళ్ళెక్కడివన్న ప్రశ్న మళ్ళీ మొదటికొచ్చింది. దానికి దారి పెద్దక్కే చూపించింది. ఇద్దరికొక కానుగ చొప్పున పంచింది, మిగిలిన ఎనిమిదోదానికి మళ్ళీ తనే, జతగా నేను. రోజూ తిన్నాక చెయ్యి అక్కడే కడగాలి, డబ్బా తొలిచిన నీళ్ళు, సీసా అడుగున మిగిలిన నీళ్ళు అన్నీ దాని మొదట్లోనే పొయ్యాలి. అంత చేసి మళ్ళీ పనిలోకి వెళ్ళాలంటే భోజనాల అరగంట చాలదు. అందుకని భోజనాల నుంచి లేపే బెల్లుని నేను మూడు నిమిషాలు ఆలస్యంగా కొట్టడం మొదలుపెట్టాను. వేళకి కాపలా పెట్టిన మనిషినే వేళని దొంగిలించాను. ఒకరోజు పెద్దసారు తన వాచీ చూసుకుని, మన గడియారం బద్ధకిస్తోందేమమ్మా అన్నారు. ఎండకి సార్ అన్నాను. ఆయన మొక్కల వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయారు.

జూన్ మొదట్లో పరీక్ష రోజు వచ్చింది. మోకాలెత్తు పుల్లలు ఎనిమిది చూసి పెద్దసారు, ఎండిపోయాయి కదా, ఇనుము తెప్పించండి అన్నారు. మామ అడ్డంగా వచ్చి కూర్చుని బొటనవేలి గోరుతో ఒక పుల్ల మీద గీకాడు. బెరడు కింద పచ్చగా తడి మెరిసింది.

"జర గిటు సూడున్రి సారూ. పానం పోలే. మొఖం చిన్నబోయింది, గంతే."

దసరా దాకా గడువిచ్చారు. పెద్ద వాన పడిన నాలుగో రోజు, రాగి రంగు చిగురు ముందు పెద్దక్క మొక్కకే కనిపించింది. ఒకటి మాత్రం మరి లేవలేదు, అది పెద్దక్కతో కలిసి నేను పెంచిన ఎనిమిదోది కాదని ఇప్పటికీ వాదిస్తాను. మిగిలిన ఏడూ నిలిచాయి. ఇనుము గుట్ట వెనక షెడ్డుకి పోయింది. అయిదేళ్ళు పట్టింది, ఆ ఏడింటి కింద పద్నాలుగు మంది పట్టడానికి. ఆరో వేసవిలో పెద్దక్క కొంగు తల మీది నుంచి తీసి భుజాన వేసుకుని తినడం కిటికీలోంచి చూసి, బెల్లు సంగతి మరిచిపోయాను. ఆ రోజు ఆలస్యం మూడు నిమిషాలు కాదు, ఎనిమిది.

ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్ళయింది. ఆ చోట ఇప్పుడు పార్సిళ్ళ గోడౌను ఉంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు గోడ లోపలికి జరగడంతో కానుగలు బయటికి, రోడ్డు మీదికి వచ్చాయి. మీటింగయిన మర్నాడు బస్సు దిగి చూసొచ్చాను. ఏడూ ఉన్నాయి, నీడ నల్లగా, చిక్కగా ఉంది. పార్సిళ్ళు పంచేవాళ్ళు బళ్ళు ఆపుకుని నాలుగేసి అడుగుల దూరంలో కూర్చుని ఎవరి డబ్బా వాళ్ళు తింటున్నారు. చెవుల్లో తీగలు, చూపులు ఫోన్ల మీద. ఇప్పుడు ఎవరి వేళ వాళ్ళ చేతిలోనే ఉంది, బెల్లు కొట్టి లేపేవాళ్ళు లేరు, మంచిదే. అయితే అందర్నీ ఒకేసారి లేపే బెల్లు పోయినప్పుడే కలిసి కూర్చోవడం కూడా పోయినట్టుంది. పద్నాలుగు డబ్బాలు మూతలు తీస్తే పద్నాలుగు కూరలూ అందరి డబ్బాల్లోకీ తిరిగిన చోటది.

ఒక అమ్మాయి పక్కన, మోకాళ్ళు ఒప్పుకోకపోయినా, కూర్చున్నాను. ఏం కూరమ్మా అని అడిగాను. చెవిలో తీగ తీసి, "ఏ అడ్రసు గావాలె ఆంటీ?" అంది. అడ్రసు కాదు, నీ డబ్బాలో కూర అని మళ్ళీ అడిగాను. రెండో చెవిలో తీగ కూడా తీసి, డబ్బా నా వైపు తిప్పింది. బెండకాయ.