మా చెల్లి పట్టిన మైల

ఆ వార్త నాకు మొదట తెచ్చింది మా పెద్దమ్మ కూతురు సుజాత. హైటెక్ సిటీలో ఆఫీసు వదలగానే చందానగర్‌లోని మా ఇంటికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోంచే అరిచింది.

"అక్కా, వాణికి దాత దొరికింది! పూర్తిగా కలిసిందంట!"

నేను దయ్యాలను నమ్మను. బడికి పంపకుండా నాన్నే నాకు ఇంట్లో చదువు చెప్పాడు. కారణం తెలియని ప్రతిదానికీ దయ్యం పేరు పెట్టొద్దనేవాడు. దేవుణ్ని మాత్రం నమ్ముతాను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా చెల్లి వాణికి ఎముక మూలుగలో రక్తం తయారవడం ఆగిపోయింది. సరిపడే దాత నుంచి మూలకణాలు ఎక్కిస్తేనే బతుకుతుందన్నారు. ముందు నాకే పరీక్ష చేశారు. ఇద్దరిదీ బి పాజిటివే కాబట్టి నేనే ఇస్తాననుకున్నాను.

"బ్లడ్ గ్రూపు కలిస్తే చాలదమ్మా" అన్నారు డాక్టరుగారు. కణాల మీద వేరే గుర్తులుంటాయట. సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయట. ఆ సగాలు మా ఇద్దరికీ వేర్వేరుగా వచ్చాయి. ఒక్కటీ కలవలేదు.

కలిసింది ముక్కూ మొహం తెలియని ఒకామెతో. ఏదో ఆఫీసులో దాతల శిబిరం పెడితే, పరీక్షకు బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పించుకుని వెళ్లిందట. ఎన్నో తరాల కింద మీ పెద్దలూ వాళ్ల పెద్దలూ ఒకచోటి వాళ్లే అయి ఉండొచ్చన్నారు డాక్టరుగారు.

నేను దేవుడికి దండం పెట్టాను. పెడుతూనే కుళ్లుకున్నాను. అమ్మ పోయాక వాణిని పెంచింది నేను. ఇప్పుడు ప్రాణం పోసేది ఇంకెవరో.

ఆమె మూలకణాలు ఎక్కించాక వాణి కోలుకుంది. కొన్ని నెలలకు దాని గ్రూపు కూడా మారిపోయింది. దాతది ఓ పాజిటివ్, దీనిదీ అదే అయింది. రిపోర్టు ఊపుతూ నవ్వింది.

"ఇగ నీ రక్తం నాకు పడదక్కా! కొట్టినా తిట్టినా అంతే!"

అందరూ నవ్వారు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

కార్తీక పౌర్ణమి మరునాటి ఉదయం దీపం వెలిగిస్తున్నాను. వాణి తలస్నానం చేసి, తడి జుట్టుతో పూజగది బయటే నిలబడింది.

"నేను ముట్టనక్కా. మైల."

"ఎవరు పోయారే?"

"తెల్వదు. మనోళ్లే."

ఒళ్లు మండింది. పొద్దున్నే అపశకునం మాటలేంటని తిట్టి, కడప నుంచి బాచుపల్లి దాకా చుట్టాలందరికీ ఫోన్లు చేశాను. అందరూ క్షేమమే. ఆసుపత్రికి తీసుకెళ్తే అంతా బాగుందన్నారు. వాణి మాత్రం పూజగదిలోకి రాలేదు, బొట్టు పెట్టుకోలేదు. కొన్నాళ్లకు ఒక ఉదయం మళ్లీ తలంటుకుని, ఏమీ జరగనట్టే వచ్చి హారతి అద్దుకుంది. అడిగితే, "ఏమో అక్కా, అట్ల చెయ్యాలనిపించింది" అంది.

నియమం ప్రకారం కొంతకాలం వరకూ దాత ఎవరో చెప్పరు. ఆ గడువు తీరగానే, ఆమెను చూడాలని వాణి దాతల సంస్థకు కబురు పెట్టింది. అక్కడి నుంచి ఒకావిడ ఫోన్ చేసింది.

"ఆవిడ లేరండీ. కార్తీక పౌర్ణమి రాత్రి గుడిలో దీపాలు పెట్టి వస్తుంటే యాక్సిడెంట్ అయిందంట. పేరు చెప్పొద్దన్నారండీ ఇంట్లోవాళ్లు."

ఏ సంవత్సరమని అడిగాను. వాణి మైల పట్టిన సంవత్సరమే.

వాణి ఏడ్చింది. నాకు కన్నీళ్లు వెంటనే రాలేదు. ముందు వచ్చిన ఆలోచన ఒకటే. నేను పోతే, ఎవరూ చెప్పకుండానే దీనికి తెలుస్తుందా?

రక్తం మారడం డాక్టర్లు వివరించగలిగారు, మైల సంగతి ఎవరూ వివరించలేకపోయారు. నేనూ కారణం వెతకడం మానుకున్నాను. వాణి మాత్రం పక్క గదిలో నిద్రపోతోంది, ఊపిరి వినిపిస్తోంది. ఆ ఊపిరి ఆ దాత పెట్టిన భిక్ష.

చదివిన మీరు ఎక్కడ దండం పెట్టుకున్నా ఆమెను ఒక్కసారి తలచుకోండి. పేరూ గోత్రం నాకు తెలియవు. మా ఇంటి ఆడపడుచు అనుకోండి, చాలు.