చాకలి మూటలో చొక్కా

మొన్న ఒక పెళ్ళి భోజనాల్లో మా డాక్టరుగారి మాట వస్తే, పక్క విస్తరి కుర్రాడు "ఆయనా? శవాలు కోసే డాక్టరేగా" అన్నాడు. పెరుగన్నం వదిలేసి లేచిపోయాను. కోసేవాణ్ణి నేను. ఆయన చూసేవారు. ఆ తేడా తెలియనివాళ్ళు డెబ్భైల్లోనూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

అప్పట్లో నేను బెజవాడలో మార్చురీ అటెండర్ని. బడి చదువు అయిదో తరగతితో సరి. ఆయన రిపోర్టుల కార్బన్ కాపీలు ఇంటికి తెచ్చుకుని, లాంతరు దగ్గర కూడబలుక్కుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. నాకు 'కాలేయం' కంటే ముందు 'లివర్' స్పెల్లింగే వచ్చింది.

పోస్టుమార్టం ఉన్న రోజు ఆయన వీధి గుమ్మంలోంచి ఇంట్లోకి వెళ్ళేవారు కాదు. పెరటి దొడ్డిలో అమ్మగారు వేణ్ణీళ్ళ బకెట్టు, కార్బాలిక్ సబ్బు సిద్ధంగా ఉంచేవారు. ఆయన స్నానం అయ్యేదాకా ఆడపిల్లలిద్దరూ వసారాలో సుద్దముక్కతో గీసిన గీత దాటకూడదు. అయ్యాక చిన్నది ఆయన అరచేతులు వాసన చూసి "పాస్" అంటేనే కాఫీ. నాకూ కాఫీ ఇచ్చేవారు, ఆయన తాగే గ్లాసుల్లాంటి గ్లాసులోనే. ఆ రోజుల్లో నాకు వేరే గ్లాసు పెట్టని ఇల్లు అదొక్కటే.

ఒక శనివారం పామర్రు వైపు ఊరినుంచి ట్రాక్టరులో ఒక కూలీ శవం వచ్చింది. ముందురోజు ఆసామి చేలో ఎండ్రిన్ పురుగుమందు కొట్టి, సాయంత్రానికి ఇంటి దగ్గర పడిపోయాడట. వెంట తల్లి, చంకలో రెండేళ్ళ మనవరాలు. భార్య దూరంగా గోడవారన కూర్చుంది. పిల్ల ఆమెకేసి చేతులు చాస్తుంటే ముసలామె వెనక్కి లాక్కుంటోంది.

"పొద్దున్నే గొడవేసుకుందండి మొగుడితో. మావోడు ఆ మందే తాగేశాడు. ఇక బిడ్డని దీని చేతికియ్యను," అంది ముసలామె. ఆసామీ అదే మాట చెప్పాడని హెడ్డు కానిస్టేబులు కాగితం చూపించాడు.

కడుపులో పెరుగన్నం, ఉల్లిపాయ ముక్కలు. మందు వాసన లేదు. డాక్టరుగారు నాచేత శవాన్ని బోర్లా తిప్పించారు. వీపు మీద ఎర్రటి మచ్చలున్నాయి గాని, ఒళ్ళంతా పసుపు, కుంకుడుకాయ వాసన. ఆయన బయటికొచ్చి భార్యని అడిగారు.

"స్నానం చేయించారా అమ్మా?"

"నేనే చేయించానండి. ఒళ్ళంతా జిడ్డుగా ఉంటే రెండుమాట్లు రుద్దాను. అట్టా ఎట్టా పంపిస్తానండి?"

"వేసుకున్న చొక్కా?"

"పోయినోళ్ళ బట్టలు ఇంట్లో ఉంచకూడదు గదండి. చాకలాయనకిచ్చేశాను."

నాకు ఒళ్ళు మండింది. మందు ఒంటిమీద పడిందని చెప్పే గుర్తులన్నీ తన చేత్తోనే కడిగేసింది. "నీ నెత్తిన నువ్వే నిప్పులు పోసుకున్నావు గదే" అని అరిచాను. ఆమె బిక్కచచ్చిపోయింది. డాక్టరుగారు నన్ను లోపలికి పిలిచి మెల్లగా అన్నారు: "రేపు నేను పోతే మా ఆవిడా అదే చేస్తుందయ్యా. పోయి ఆమెకి మంచినీళ్ళివ్వు." ఇచ్చాను.

మర్నాడు ఆదివారం. చర్చి అయ్యాక బ్యారేజి చూపిస్తానని పిల్లలకి మాటిచ్చి ఉన్నారాయన. చర్చి బట్టల్లోనే అందరినీ పామర్రు బస్సెక్కించారు. వెనక సీట్లో నేను.

"బ్యారేజిని పామర్రుకి ఎప్పుడు మార్చారండీ?" అన్నారు అమ్మగారు, ఒళ్ళో పులిహోర క్యారియరుతో.

"నీళ్ళు అక్కణ్ణుంచే వస్తాయిగా. కాలవ చూస్తారులే."

"పిల్లల్ని ఇట్టాగే మాయచెయ్యండి."

పిల్లలు మాత్రం కాలవ వెంబడి పడవలు లెక్కపెట్టుకుంటూ సంబరంగా వచ్చారు.

పోలీసు స్టేషనులో హెడ్డుని వెంటబెట్టుకుని, అమ్మగారినీ పిల్లల్నీ ఊరి బడి అరుగు మీద కూర్చోబెట్టి, చాకలి ఇంటికి వెళ్ళాం. చొక్కా అప్పటికే రేవులో పడి ఉంటే అంతా అయిపోయినట్టే.

"చచ్చినోళ్ళ బట్టలు మిగతావాటితో కలపనండి. ఆఖర్న ఉతుకుతా. అదుగో, ఆ మూల మూటలో ఉంది," అన్నాడు చాకలి.

మూట విప్పగానే ఎండ్రిన్ వాసన గుప్పుమంది. చొక్కా ముందు భాగం మామూలుగానే ఉంది. వీపంతా మెడనుంచి నడుందాకా మందుతో అట్టకట్టింది. తర్వాత ఆసామి కొట్టంలో వీపున తగిలించుకునే స్ప్రేయరు డబ్బా చూశాం. అడుగున చిల్లు, దానికి అరిగిపోయిన బట్టల సబ్బు ముక్క. మోటారుసైకిలు ట్యాంకు కారితే సబ్బు రాస్తారు, పెట్రోలుకి ఆగుతుంది. నీళ్ళు కలిపిన మందుకి గంటలో కరిగిపోతుంది.

"ఎప్పుడూ అట్టానే కొడతారండి, ఏం కాలా," అన్నాడు ఆసామి. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్ళు పటపటమంటాయి. హెడ్డు ఇద్దరు సాక్షుల ముందు చొక్కానీ డబ్బానీ మూటగట్టి సీలేశాడు.

హైదరాబాదు ల్యాబు నుంచి ఫలితం రావడానికి నెలలు పట్టింది. కడుపులో విషం లేదు, చొక్కా నిండా ఉంది. రిపోర్టు పోలీసులకి పంపితే ఆయన పని తీరినట్టే. అయినా కార్డు రాసి ఆ అత్తాకోడళ్ళని పిలిపించారు. ఇద్దరూ వేరువేరు బస్సుల్లో వచ్చారు. పిల్ల ఇంకా ముసలామె చంకలోనే ఉంది.

"మీవాడు తాగలేదమ్మా," అన్నారు ముసలామెతో. "డబ్బా కారి వీపులోంచి ఎక్కింది. ఈ అమ్మాయి చేసింది ఏమీ లేదు."

"గొడవైందిగా బాబూ."

"మా ఇంట్లోనూ అయింది, పొద్దున్నే. నేను బతికే ఉన్నాగా."

ముసలామె నవ్వలేదు. ఆసామి మీద కేసు పెట్టలేదని, పెట్టరనీ నాకప్పటికే తెలుసు. రిపోర్టు ఏ బీరువాలో పడిందో దేవుడికెరుక. అందుకు నేను ఎవరినీ క్షమించలేదు. కానీ ఆ పూట ముసలామె కోడలి ముఖం చూడకుండానే పిల్లని ఆమెకి అందించింది.

"పట్టుకో. చంక నొప్పెడతంది," అంది.