ముదిగుబ్బలో చెప్పిన ఫ్రెంచ్ సీజన్

ఆ సంవత్సరం దాకా నాకు ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలియదు. టీవీలో కూడా ఒక్క ఆట పూర్తిగా చూసింది లేదు. నాకు తెలిసింది ఫ్రెంచ్. మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. నేను పుదుచ్చేరిలో చదువుకుని ఆ భాష నేర్చుకున్నాను. పెళ్లయి అనంతపురం వచ్చాక ఇంట్లో కూర్చునే యంత్రాల కంపెనీలకు కాగితాలు అనువాదం చేసి పంపేదాన్ని. ఆ భాషలో నోరు విప్పి మాట్లాడే అవసరం మాత్రం ఏళ్ల తరబడి రాలేదు.

అలాంటప్పుడు బుక్కరాయసముద్రం దగ్గర ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పించే మైదానం నుంచి ఫోన్ వచ్చింది.

"మేడం, ఫ్రాన్సు నుంచి ఒక కోచ్ సారు వచ్చినాడు. ఈ సీజన్ అంతా ఈడనే ఉంటాడు. ఆయప్ప ఇంగ్లీషు మాకు అర్థం కాదు, మాది ఆయప్పకు అర్థం కాదు. సాయంత్రం పూట వచ్చి కాస్త చెప్తారా?"

సరదాగా ఉంటుందని ఒప్పుకున్నాను. నాలుగు రోజులు చూసి మానేద్దామనే అనుకున్నాను.

మొదటి రోజు నేను వెళ్లేసరికి మైదానం మధ్యలో ఒక పొడవాటి తెల్లాయన నడుం వంచి రాళ్లు ఏరుతున్నాడు. అరవై దాటిన మనిషి. మెడ ఎండకు కమిలి ఎర్రబడింది. మా నేల సంగతి తెలిసిందే, ఎన్నిసార్లు ఏరినా గాలివానకు మళ్లీ రాళ్లు తేలతాయి. పిల్లలు పక్కన నిలబడి నవ్వుతున్నారు. ఆయన ఎవర్నీ ఏమీ అనలేదు. ఏరినవి బకెట్లో వేసుకుంటూ పోయాడు. వారం తిరిగేసరికి పిల్లలందరూ ఆయన కంటే ముందే వచ్చి ఏరడం మొదలుపెట్టారు. ఆయన అరవగా నేను ఒక్కసారి కూడా వినలేదు. తప్పు చేసిన పిల్ల దగ్గరికి నడిచి వెళ్లి, పక్కన నిలబడి, మళ్లీ చేయించేవాడు. ఆయన ఫ్రెంచ్ నా నోట్లో సీమ మాటయ్యేది. "అట్ల కాదు పాపా, బంతి రాకముందే చూడు, వచ్చినాక చూసేదేముంది" అని నేను చెప్తుంటే, ఏ వాక్యం ఆయనదో ఏది నాదో పిల్లలకు తేడా తెలిసేది కాదు.

ఒకరోజు సాయంత్రం ఉన్నట్టుండి వాన పట్టుకుంది. అందరం రేకుల షెడ్డు కిందికి పరిగెత్తాం. ఆ తీరిక వేళ ఒక పిల్ల అడిగింది.

"సారూ, మీరు పెద్ద ఆటలు ఆడినారా?"

"నేను ఆడలేదు. స్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పించేవాణ్ణి, అంతే. మా తాత ఆడాడు. మా దేశంలో ఆటగాళ్లకు బహిరంగంగా జీతాలిచ్చి ఆడించిన మొదటి సీజన్‌లో ఆడాడు" అన్నాడు.

ఆ కథ ఆరోజుతో అయిపోలేదు. మర్నాడు ఆట ముగియగానే పిల్లలు షూస్ విప్పకుండానే ఆయన చుట్టూ కూర్చున్నారు. ఆ తర్వాత అదే అలవాటైంది. రోజూ చీకటి పడేలోపు ఆ పాత సీజన్ ఇంత ముక్క చెప్పాల్సిందే.

పందొమ్మిది వందల ముప్పైల మొదటి రోజులు. అప్పటిదాకా ఫ్రాన్సులో ఆటకు జీతం తీసుకోవడం నిషిద్ధం. చాటుగా చేతిలో పెట్టేవాళ్లట. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. చివరికి పెద్దలు ఒప్పుకుని, ఒప్పందాలు రాయించి, ఇరవై జట్లతో లీగ్ మొదలుపెట్టారు. రెండు గుంపులు. ఒక్కో గుంపులో మొదట నిలిచిన జట్టు చివరి ఆట ఆడాలి.

కోచ్ వాళ్ల తాత ఉత్తరాన ఉన్న ఒక మిల్లు ఊరివాడు. ఊరంతా ఉన్ని బట్టల మగ్గాలే. తాత కూడా, ఆయన నాయన కూడా అక్కడే నేసేవాళ్లు. మైదానం మధ్యలో ఉండి అటు కాపాడుతూ ఇటు బంతి అందించే హాఫ్‌బ్యాక్ ఆయన. ఊరి జట్టువాళ్లు జీతానికి పిలిస్తే సంతకం పెట్టాడు. ఆయన నాయన ఒప్పుకోలేదు. చేతులతో పనిచేసి బతకాలి గానీ కాళ్లతో తన్ని బతుకుతావా అన్నాడట. అందుకని తాత మిల్లు పూర్తిగా మానకుండా, పొద్దున మగ్గం మీద, మధ్యాహ్నం మైదానంలో గడిపేవాడు. ఆదివారం ఆట.

నేను నేతగాళ్ల ఇంట్లో పుట్టాను కాబట్టి ఆ భాగం చెప్పేటప్పుడు నాకు మా నాయన మగ్గం గుర్తొచ్చేది. పొద్దంతా మగ్గం ముందు గడిపిన ఒళ్లు సాయంత్రానికి ఎలా ఉంటుందో నేను చూసిందే. ఆ ఒళ్లుతో పరుగెత్తిన మనిషిని తలుచుకుంటే ఆశ్చర్యమేసేది.

పిల్లలకు నచ్చినవి వేరే. వానకు తడిసిన తోలు బంతి రాయిలా బరువెక్కేదట. దాన్ని తలతో కొడితే, కుట్టిన తాడు అచ్చు నుదుటి మీద పడేదట. షూస్ మెత్తబడాలని మాంసపు కొవ్వు రాసేవాళ్లట. దూరపు ఆటలకు రైల్లో చెక్క బెంచీల మీద కూర్చుని, గుడ్డలో కట్టుకున్న రొట్టె తింటూ పోయేవాళ్లు. దక్షిణాది ఊర్లో ఆట ఉండగా తాత మొదటిసారి నీలంగా ఉన్న సముద్రం చూశాడట. ఆరోజు ఆట ఓడిపోయారు. ఇంటికొచ్చి ఆట సంగతి వదిలేసి వారం రోజులు సముద్రం గురించే చెప్పాడట.

"మేం కూడా అట్లనే చేస్తాం సారూ, చెన్నైకి తీసుకపోండి" అన్నారు పిల్లలు.

ఆ సీజన్ చివర్లో ఒక గొడవ జరిగింది. రెండో గుంపులో మొదట నిలిచిన జట్టు ఒక ఆటను డబ్బిచ్చి గెలిచిందన్న ఆరోపణ వచ్చింది. ఆ జట్టును పక్కన పెట్టి, రెండో స్థానంలో ఉన్నవాళ్లను చివరి ఆటకు పంపారు. మొదటి గుంపులో ముందు నిలిచిన, ఉత్తరాదిదే ఇంకో పెద్ద జట్టు ఒక్క గోలు తేడాతో వాళ్లను ఓడించి మొట్టమొదటి విజేత అయింది. తాత జట్టు తన గుంపులో ఎక్కడో మధ్యలో నిలిచింది.

ఇది చెప్పిన రోజు ఒక పిల్ల అడిగింది. "పక్కన పెట్టిన జట్టులో ఏ పాపమూ తెలీనివాళ్లు కూడా ఉంటారు కదా సారూ. వాళ్లేమైనారు?"

"ఆ సంగతి మా తాతను నేనెప్పుడూ అడగలేదు. అడగాల్సింది" అన్నాడు కోచ్.

ఆ అడిగిన పిల్లది ముదిగుబ్బ దగ్గర పల్లె. మైదానం పక్కన హాస్టల్లో ఉండి చదువుకుంటూ అప్పటికి డిగ్రీలో చేరింది. నాయన గొర్రెలు మేపుతాడు. సన్నగా ఉండేది, పెద్దగా పరుగు కూడా లేదు. కానీ బంతి తన దగ్గరికి రాకముందే తల తిప్పి నాలుగు దిక్కులూ చూసుకునేది. వచ్చిన బంతి ఆమె ఎడమకాలికి తగిలి, ఎవరూ లేరనుకున్న చోటికి వెళ్లేది. తీరా చూస్తే అక్కడికి మన పిల్ల ఒకతి చేరుకుంటూ ఉండేది. ఆట తెలియని నాకే అది చూస్తుంటే ఒళ్లు పులకరించేది. "ఇది నేను నేర్పింది కాదు. నేర్పితే వచ్చేది కూడా కాదు" అనేవాడు కోచ్.

శెనక్కాయ పీకే రోజుల్లో బెంగళూరు నుంచి ఒక మహిళల క్లబ్బు వాళ్లు ఆట చూడడానికి వచ్చారు. వెళ్తూ ఆ పిల్లను ఒక సీజన్‌కు తమతో ఆడమని అడిగారు. జీతం, తిండి, ఉండే చోటు ఇస్తామన్నారు. చదువు దూరవిద్యలో సాగించుకోవచ్చన్నారు. ఆమె ఆరోజే ఇంటికి ఫోన్ చేసింది. వాళ్ల నాయన వద్దన్నాడు. అయినా ఆమె ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. మర్నాడు మామూలుగా వచ్చి రాళ్లేరింది. అది చూసి నేను తట్టుకోలేకపోయాను.

కోచ్ నన్నడిగాడు. "వాళ్లింటికి వెళ్దాం. మీరు వస్తారా?"

ఆదివారం పొద్దున బస్సులో ముదిగుబ్బ వెళ్లి, అక్కడి నుంచి ఆటోలో పల్లెకు పోయాం. బండల మిద్దె, పక్కనే కంపతో కట్టిన గొర్రెల దొడ్డి. ఆ పిల్ల నాయన మందను వేరేవాళ్లకు అప్పజెప్పి మా కోసం ఆగాడు. మనిషి బక్కగా, కంబళి భుజాన వేసుకుని ఉన్నాడు. వాళ్లమ్మ మమ్మల్ని మాట్లాడనివ్వకుండా ముందు సంగటి, శెనక్కాయలతో నూరిన ఊరుబిండి పెట్టింది. కోచ్ చేత్తో ముద్దలు చేసుకుని తినడం చూసి ఆమెకు ముచ్చటేసింది.

తిన్నాక ఆ నాయనే మొదలుపెట్టాడు.

"పాప ఆడుకునేదానికి నేనెప్పుడూ అడ్డం చెప్పలే. చదువుతాండాది, ఆడతాండాది, బాగుండాది. కానీ ఆటకు దుడ్లు తీసుకునేదేందప్పా? దుడ్లిచ్చినోడు రేపు ఎట్ల చెప్తే అట్ల వినల్ల. అది ఆటెట్లయితాది?"

నేను చెప్పింది విని కోచ్ తలూపాడు. "మా ముత్తాత కూడా ఇదే అన్నాడు" అని, మిల్లు ఊరి కథ మొదట్నుంచీ చెప్పాడు. ఉన్ని మగ్గాల మాట రాగానే గొర్రెలాయన ముందుకు జరిగాడు.

"ఉన్నినా? ఆ దేశంలో గొర్రెలెట్లుంటాయి?"

"ఉన్ని ఎక్కువగా ఓడల్లో వచ్చేదట, వేరే దేశాల నుంచి."

"ఓడల్లోనా" అని ఆయన తన కంబళి అంచు ఒకసారి చేత్తో పట్టుకుని చూసుకున్నాడు. ఆ తర్వాత కథ అంతా అడ్డు రాకుండా విన్నాడు. రైలు, సముద్రం, తడిసిన బంతి, గొడవ, అన్నీ. విని ఒకే ప్రశ్న అడిగాడు.

"ఆ సీజన్ అయిపోయినాక మీ తాత ఏమైనాడు?"

ఈ ప్రశ్నకు జవాబు మైదానంలో పిల్లలకు కూడా ఆయన చెప్పలేదు. నాకూ తెలియదు. కోచ్ నేల వైపు చూసి నిదానంగా చెప్పాడు. నేను ఒక్కో వాక్యం తెలుగు చేస్తూ పోయాను.

"మరుసటేడు మోకాలు విరిగింది. క్లబ్బువాళ్లు మళ్లా ఒప్పందం రాసుకోలేదు. తిరిగి మిల్లుకే పోయినాడు. బతికినంత కాలం ఆ కాలుతోనే నిలబడి నేసినాడు."

మేం వచ్చిన పని చెడిపోయిందనుకున్నాను. ఆ పిల్ల గడప దగ్గర నిలబడి తలొంచుకుంది.

"మరి బాధ పడ్లేదా?" అన్నాడు నాయన.

"కాలు గురించి ఎప్పుడూ అనలేదు. ఆడినందుకు ఒక్క మాట కూడా చెడుగా చెప్పలేదు. వాళ్ల నాయన ఒక్క ఆటకైనా వచ్చి చూడలేదని, అదొక్కటే మాకు చెప్పేవాడు. ముసలితనంలో కూడా చెప్పేవాడు."

గొర్రెలాయన లేచి బయటికి పోయి దొడ్డి దగ్గర కాసేపు నిలబడి వచ్చాడు.

"ఈయప్ప అబద్ధం చెప్పి పాపను తీసుకపోదామనుకోలే. కాలు విరిగింది కూడా చెప్పినాడు" అని భార్యతో అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "మళ్లా ఆట ఎప్పుడుండాది?" అని అడిగాడు.

తర్వాతి ఆదివారం అనంతపురంలో ఆట. ఆయన కంబళి భుజాన వేసుకునే వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, మైదానం అంచు గీత పక్కన నిలబడ్డాడు. అవతల గార్లదిన్నె జట్టు గట్టిగా ఆడింది. సగం ఆట దాకా ఆయన నన్ను ఒకటే అడిగాడు. "మా పాప బంతిని దగ్గర పెట్టుకోదేం? వచ్చిందొచ్చినట్లు ఇచ్చేస్తాండాది."

"ఇచ్చేదే ఆమె పని" అన్నాను.

అప్పటి నుంచి ఆయన చూపు బంతిని వదిలేసి కూతురి మీదే నిలిచింది. రెండో సగంలో ఆమె ఇచ్చిన బంతితోనే మావాళ్లు గోలు కొట్టారు. అందరూ కొట్టిన పిల్ల దగ్గరికి పరిగెత్తారు. ఆయన మాత్రం తన కూతుర్నే చూస్తూ, "మందను మలిపేటోడు కూడా ముందే చూసుకోల్ల. లేకుంటే పొలంలో పడతాయి" అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. ఆట ఒకటి ఒకటితో సమానంగా ముగిసింది.

అక్కడే నిలబడి ఆయన కోచ్‌ను అడగమన్నది ఒకటే. కాలికి దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు? కోచ్ వెంటనే బెంగళూరుకు ఫోన్ చేయించాడు. వైద్యం తమదేనని, ఒప్పందంలో రాసిస్తామని వాళ్లన్నారు. నోటిమాట చాలదని, రాసిన కాగితం వచ్చేదాకా కోచ్ వాళ్లను వదల్లేదు. వచ్చిన కాగితాన్ని నేను వాక్యం వాక్యం చదివి వినిపించాను.

"ఒక సీజన్‌కు పోనీ. తర్వాత మళ్లా మాట్లాడదాం" అన్నాడు నాయన.

ఎండలు ముదిరాక కోచ్ తన దేశానికి వెళ్లిపోయాడు. రైల్వే స్టేషన్‌కు పిల్లలందరూ వచ్చారు. ఆయన ఒక్కొక్కరి పేరూ పిలిచి, ఇంకా ఏం సరిచేసుకోవాలో చెప్పాడు. ఆఖరిసారి ఆయన మాటను నేను తెలుగు చేసింది ఆ ప్లాట్‌ఫారం మీదే. ఒక మనిషి ఎంత నెమ్మదిగా ఉంటూ ఎంత పని చేయగలడో నేను ఆయన దగ్గరే చూశాను.

బెంగళూరులో మొదటి కొన్ని ఆటలు ఆ పిల్ల బయట బెంచీ మీదే కూర్చుంది. నాకు ఫోన్ చేసినప్పుడు, "ఇంగా దింపలేదక్కా, ప్రాక్టీసు మాత్రం బాగా జరుగుతాండాది" అనేది. సీజన్ సగమయ్యాక దింపారు. జట్టు కింది వరుసలోనే మిగిలింది గానీ, మరుసటేడు కూడా ఆమెను రాసుకున్నారు.

రెండో సీజన్‌లో ఒక ఆటకు నేను, వాళ్ల నాయన కలిసి వెళ్లాం. ఆమె ఆట మొత్తం ఆడింది. గెలిచారు. చెమటతో వచ్చి మా పక్కన మెట్ల మీద కూలబడి, షూస్ లేసులు విప్పుకుంటూ, "ఎట్లుండాది నాయనా?" అని అడిగింది.

"బాగుండాది. ఆ ఎర్ర చొక్కా పాప రెండుతూర్లు నిన్ను ఎనకనుంచి తోసింది. ఆ ఈల ఊదే సారుకు కనపడలేదా?"

"కనపడింది నాయనా. రెండోతూరి ఫౌలని బంతి మాకే ఇచ్చినాడు కదా."

"నేను చూడలేదే" అని ఆయన మైదానం వైపు తిరిగి, అది ఎక్కడ జరిగిందో వేలితో చూపించమన్నాడు. ఆమె లేచి, వట్టి కాళ్లతోనే గడ్డిలోకి నడిచి, ఆ చోటు చూపించింది.